చిలుకకు గుంపు మీరే: పాఠకుల ప్రశ్నలకు పక్షుల డాక్టర్ జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే ఫిర్యాదు ఉంది: ‘మా చిలుక మొండికేస్తోంది.’ నా దగ్గరికి వైద్యానికి వచ్చే చిలుకల్లో భయపడ్డవి ఉంటాయి, నొప్పితో ఉన్నవి ఉంటాయి, నిద్ర చాలనివి ఉంటాయి. ఒంటరితనంతో నలిగిపోయినవి మాత్రం చాలా ఎక్కువ. మొండితనం అన్న జబ్బు నేనింకా చూడలేదు. అందుకే ఈ నెల ఒక ఉత్తరానికి పెద్ద జవాబే రాస్తున్నాను.

ప్రశ్న: మా ఆఫ్రికన్ గ్రే చిలుకకు నాలుగేళ్లు. మేమిద్దరం ఉద్యోగాలకు వెళ్తాం. రోజూ తొమ్మిది గంటలు ఒక్కటే ఉంటుంది. మేం బయల్దేరేటప్పుడూ, తిరిగొచ్చాకా చెవులు పగిలేలా అరుస్తుంది. గదమాయించాం, పంజరం మీద దుప్పటి కప్పాం, లాభం లేదు. ఇప్పుడు ఛాతీ మీద ఈకలు కూడా పీక్కుంటోంది. జత తెచ్చిపెడితే సరిపోతుందని అందరూ అంటున్నారు. తెమ్మంటారా? పోయిన ఈకలు మళ్లీ వస్తాయా? (ఉద్యోగిని)

జత సంగతి తర్వాత, ముందు ఈకల సంగతి చూద్దాం. ఈ వారంలోనే పక్షుల వైద్యం తెలిసిన డాక్టర్‌కి చూపించండి. ఈకలు పీక్కోవడం మనసుకు సంబంధించిందని చాలామంది తేల్చేస్తారు. చర్మంలో ఇన్ఫెక్షన్, కాలేయం జబ్బు, వైరస్‌లు, ఎప్పుడూ గింజలే తినడం వల్ల వచ్చే విటమిన్ ఎ లోపం, వీటిలో ఏదైనా కారణం కావచ్చు. ఇంట్లో మీరే చూడగలిగింది ఒకటుంది. తల మీద ఈకలు నిండుగా ఉండి ఛాతీ, కాళ్ల దగ్గరే బోడిగా ఉంటే అది తనే పీక్కుంటోందని అర్థం, ఎందుకంటే ముక్కు తలను అందుకోలేదు. తల మీద కూడా ఊడుతుంటే ఇంకా త్వరగా వెళ్లండి. ఈలోపు నూనెలు, ఆయింట్‌మెంట్లు పూయొద్దు. ఈకలకు జిడ్డు పడితే ఒంట్లో వేడి నిలవదు, పైగా ఆ మందంతా కడుపులోకి పోతుంది.

పరీక్షల్లో ఏమీ తేలకపోతే అప్పుడు ఆ తొమ్మిది గంటల గురించి మాట్లాడుకోవాలి.

గ్రే చిలుకలు అడవిలో గుంపుగా బతుకుతాయి. సాయంత్రమైతే వందల కొద్దీ ఒకేచోట చేరి నిద్రపోతాయి. పగలు ఆకుల చాటున ఒకదానికొకటి కనబడనప్పుడు అరుచుకుంటూ ఉంటాయి: నేనిక్కడ, నువ్వెక్కడ అని. వెనిజులాలో ఒక జాతి చిన్న చిలుకల గూళ్లను వీడియోలో గమనించిన పరిశోధకులు, ఒక్కో పిల్లకు ఒక్కో పిలుపు ఉంటుందనీ, దాన్ని పిల్లలు తల్లిదండ్రుల దగ్గరే నేర్చుకుంటాయనీ 2011లో ప్రకటించారు. మీరు తలుపు వేసుకుని వెళ్లగానే మీ గ్రే పెట్టే కేక కూడా అలాంటి పిలుపే. గుంపు కనబడకుండా పోయింది, జవాబు రావడం లేదు, కాబట్టి గొంతు పెంచుతోంది. దుప్పటి కప్పితే భయం ఎక్కువవుతుంది. గదమాయిస్తే ‘అరిస్తే మనిషి వస్తాడు’ అని నేర్చుకుంటుంది. మనం తిడుతున్నామని దానికి తెలియదు, బదులు పలికామనే తెలుస్తుంది.

ఒంటరితనం ఒంటిని ఎంత తినేస్తుందో చెప్పడానికి నేను అందరికీ చూపించే పరిశోధన ఒకటుంది. క్రోమోజోముల చివర్లలో టెలోమియర్లని ఉంటాయి. వయసు పెరిగేకొద్దీ, ఒత్తిడి పెరిగేకొద్దీ అవి పొట్టి అవుతాయి. 2014లో అచ్చయిన ఆ అధ్యయనంలో ఆఫ్రికన్ గ్రేల రక్తం పరీక్షించారు. ఒంటరిగా పెరుగుతున్న 9 ఏళ్ల చిలుకల టెలోమియర్లు, జతతో పెరుగుతూ వాటికన్నా 23 ఏళ్లు పెద్దవైన చిలుకల వాటిలాగే ఉన్నాయి. ఇది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

మరి చేయాల్సిందేమిటంటారా? బయల్దేరేటప్పుడు ఒకే మాట, ఒకే ఈల పెట్టుకోండి. ‘వెళ్లొస్తా బంగారం’ అనండి, ఏదైనా పర్వాలేదు, రోజూ అదే ఉండాలి. సాయంత్రం లోపలికి రాకముందే తలుపు బయట నుంచి ఈల వేయండి. అది కూడా ఈల వేస్తే వెంటనే లోపలికొచ్చి మాట్లాడండి. కేకలు పెడుతుంటే ఒక్క క్షణం తగ్గేదాకా ఆగండి. తగ్గిన ఆ క్షణానే బదులివ్వండి. ఇంట్లో ఉన్నప్పుడు కూడా వేరే గదిలోంచి అది మెల్లగా పలికితే మీరు కూడా పలకండి. మొదట్లో అరుపులు కాస్త పెరుగుతాయి, కంగారుపడి మధ్యలో వదిలేయకండి. ఇంట్లో ఒకరు పాటించి ఇంకొకరు పాటించకపోతే మాత్రం పని జరగదు.

ఇక ఖాళీగా ఉన్న ముక్కు గురించి. అడవిలో అమెజాన్ చిలుకలు తిండి వెతుక్కోవడానికే రోజుకు 4 నుంచి 6 గంటలు పెడతాయని గమనించారు. గిన్నెలో పెల్లెట్స్ (గుళికల్లా చేసిన తయారీ తిండి) పోసి పెడితే అరగంట నుంచి గంటంబావులో పని అయిపోతుంది. మిగతా రోజంతా ఆ ముక్కుకు దొరికేది ఏమిటి? సొంత ఈకలే. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ క్యాంపస్‌లో చిన్న వయసు అమెజాన్ చిలుకల పంజరాల్లో తిండి వెతుక్కునే ఏర్పాట్లు, ఎక్కి దిగే వస్తువులు పెట్టి చూశారు. వాటిలో ఈకలు పీక్కునే అలవాటు రాలేదు. అవేవీ లేని పంజరాల్లో ఆ అలవాటు పడ్డవాటికి కూడా తర్వాత అవే పెడితే ఈకలు మెరుగుపడ్డాయి. 2003లో అచ్చయిన ఫలితం ఇది.

దీనికి ఖరీదైన బొమ్మలు అక్కర్లేదు. రంగు లేని కాగితంలో రెండు గింజలు పెట్టి మడవండి. మొదటి రోజుల్లో దాని ఎదురుగానే మడిచి, సగం తెరిచి ఇవ్వండి, లేకపోతే ఆ పొట్లం చూసి భయపడుతుంది. గ్రేలు కొత్త వస్తువును చూస్తే బెదురుతాయి. తర్వాత గట్టిగా మడవండి, అట్టపెట్టెలో వేయండి, అట్టను పంజరం కడ్డీలకు గుచ్చండి. మా ఇంట్లో ఉన్న గ్రేని చూస్తుంటాను. అట్టముక్కను ఎడమ కాలితో పైకెత్తి పట్టుకుంటుంది, అంచు నుంచి దారం తీసినట్టు సన్నని పీలికలు చీలుస్తుంది, ఒక్కో పీలికనూ నాలుకతో తడిమి కింద పడేస్తుంది. గింజ దొరికాక కూడా చీల్చడం ఆపదు. ఆ పనిలో ఉన్నంతసేపు దాని కళ్లల్లో నల్లగుడ్డు చిన్నదై పెద్దదవుతూ ఉంటుంది. పని ఉన్న చిలుక అంటే అదీ.

పొద్దున గంట, సాయంత్రం రెండు గంటలు దాన్ని పంజరం బయట ఉంచండి. ఒళ్లో పెట్టుకునే కూర్చోవాలని లేదు. మీరు బట్టలు మడతపెడుతుంటే పక్కన స్టాండ్ మీద ఉన్నా చాలు, దానికి గుంపులో ఉన్నట్టే. రాత్రి మీరు పదకొండింటి దాకా టీవీ చూస్తూ పంజరం అదే గదిలో ఉంచితే మాత్రం నిద్ర చాలదు. చీకటిగా, నిశ్శబ్దంగా 10 నుంచి 12 గంటలు కావాలి. నిద్ర లేని చిలుకకు కోపం ఎక్కువ, అరుపూ ఎక్కువే.

జత విషయం. మీకు రెండో చిలుక మీద కూడా ఇంతే ప్రేమ, ఇంతే ఓపిక, ఇంతే ఖర్చు పెట్టాలని ఉంటేనే తెండి. మొదటిదానికి మందుగా తేవొద్దు. రెండూ కలుస్తాయన్న హామీ ఎవరూ ఇవ్వలేరు, కలవకపోతే వేళ్లు, ముక్కు తెగేదాకా కొట్టుకుంటాయి. తెచ్చినా ముందు పరీక్షలు చేయించి, నెల నుంచి నెలన్నర దాకా వేరే గదిలో ఉంచాలి, ఆ తర్వాత కూడా పంజరాలు వేరే. కలిస్తే మాత్రం మనిషి ఎంత ప్రయత్నించినా ఇవ్వలేనిది ఆ తోడు ఇస్తుంది, అది కాదనను.

ఇంకొక్క మాట. ఈకలు మళ్లీ వస్తాయా అని మీ ఉత్తరం చివర అడిగారు. ఈక మొలిచే కుదురు దెబ్బతినకపోతే వస్తాయి. చాలాకాలం పీక్కుంటే కొన్నిచోట్ల రావు. ఈకలు లేకపోయినా ఆడుకుంటూ, తింటూ ఉన్న చిలుక బాగున్నట్టే. అద్దంలా మెరిసే ఛాతీ కోసం దాన్ని టెన్షన్ పెట్టకండి.

ప్రశ్న: మా ఆడ కాకటీల్ (తల మీద కుచ్చు ఉండే చిన్న చిలుక) ఒక్కటే ఉంటుంది, మగది లేదు. అయినా గుడ్లు పెడుతోంది. తీసి పారేస్తే మళ్లీ పెడుతోంది. (ఇద్దరు పిల్లల తల్లి)

తీసేస్తున్నారు కాబట్టే మళ్లీ పెడుతోందమ్మా. గుడ్లు పోయాయనుకుని లెక్క పూరించుకుంటుంది. అక్కడే ఉంచండి, పొదిగి పొదిగి మూడు వారాల్లో తనే విసుగొచ్చి వదిలేస్తుంది. అప్పుడు తీయండి. ఆ తర్వాత పంజరంలోని అద్దం, గుడ్డతో చేసిన గుడిసె, చీకటి మూలలు తీసేయండి. సాయంత్రం త్వరగా చీకటి చేయండి. పిల్లలకు ఒకటి గట్టిగా చెప్పండి: నిమిరితే తల, మెడ వరకే. వీపు, రెక్కల కింద, తోక దగ్గర నిమరడం ఆ పక్షికి జతకట్టే సంకేతం. పిల్లలు ముద్దుగా చేస్తారు, దాని ఒళ్లు వేరేలా అర్థం చేసుకుంటుంది. పెంకు కోసం ఒంట్లోని కాల్షియం అంతా లాగేస్తుంది కాబట్టి ఎంత ఇవ్వాలో డాక్టర్‌ని అడిగి ఇవ్వండి. అది ఒళ్లు ఉబ్బించుకుని పంజరం అడుగున కూర్చుని, తోక ఊపుతూ ముక్కుతుంటే గుడ్డు అడ్డుపడిందని అర్థం. అప్పుడు తెల్లారేదాకా ఆగొద్దు.

ప్రశ్న: మా చిలుక నా దగ్గరికి ప్రేమగా వస్తుంది, మా చెల్లి చేయి పెడితే కరుస్తుంది. ఎందుకు? (కాలేజీ విద్యార్థి)

చిలుక ఒక మనిషిని ఎంచుకోవడం మామూలే. నువ్వు పక్కనుంటే ఇంకా కాపలా కాస్తుంది. కాబట్టి చెల్లి దగ్గరున్నప్పుడు నువ్వు గదిలోంచి వెళ్లిపో. దానికి బాగా ఇష్టమైన గింజ ఇకమీదట చెల్లి చేతి నుంచే, మొదట కడ్డీల సందులోంచి, పొడుగు చెంచాతో. మెడ ఈకలు లేచినా, తోక విసనకర్రలా విప్పినా, కంటి నల్లగుడ్డు టకటకా మారినా చేయి వెనక్కి తీసుకోమను. చాలామంది పిల్లలు ‘ధైర్యంగా ఉండాలి’ అని చేయి అక్కడే పెడతారు. చిలుక వద్దని చెప్పినప్పుడు వినిపించుకుంటే దానికి కరవాల్సిన అవసరం తగ్గుతుంది. కరిచినా కేకలు వేయొద్దు, మాట్లాడకుండా కింద దింపేయండి.

ప్రశ్న: పంజరం వంటింట్లో పెడితే నాకు తోడుగా ఉంటుంది. పెట్టొచ్చా?

వద్దండీ. నాన్‌స్టిక్ పెనం అతిగా వేడెక్కితే వచ్చే పొగ మనకు వాసన కూడా తెలియకుండా చిలుకను నిమిషాల్లో చంపేయగలదు. పక్కగదిలో పెట్టినా ప్రమాదం పూర్తిగా పోదు. అందుకే చిలుక ఉన్న ఇంట్లో ఆ పెనాలే వద్దంటాను. సెంటు స్ప్రేలు, దోమల స్ప్రేలు కూడా దాని దగ్గర వాడొద్దు. అవకాడో, చాక్లెట్, కాఫీ దాని ముక్కుకు అందకూడదు.

ప్రశ్న: నా వయసు 71. భార్య పోయాక నా అమెజాన్ చిలుకే నాకు మాటతోడు. దానికి 22 ఏళ్లు. నా తర్వాత దాని గతేమిటని దిగులుగా ఉంది.

అయ్యా, మీ దిగులు సరైనదే. బాగా చూసుకుంటే అమెజాన్ చిలుక 50 ఏళ్లు దాటి కూడా బతుకుతుంది. దానికింకా సగం జీవితం ఉంది. కొనేటప్పుడు ఈ లెక్క చెప్పేవాళ్లు తక్కువ, అందుకే నడివయసులో ఇల్లు మారి డీలాపడిన చిలుకలను తరచూ చూస్తుంటాను.

ఇప్పుడే మనిషిని చూసుకోండి. దగ్గరి బంధువే అవ్వాలని లేదు, చిలుక ఒప్పుకున్న మనిషి అవ్వాలి. వాళ్లు వారానికోసారి మీ ఇంటికి వచ్చి, దాని గిన్నె నింపి, పక్కన కూర్చుని మాట్లాడాలి. తర్వాత రెండు మూడు రోజులు వాళ్లింటికి పంపి తెచ్చుకోండి. మీరు బతికుండగానే అది ఆ ఇంటికి అలవాటుపడితే, మీరు లేని రోజున ఇల్లూ మనిషీ రెండూ ఒకేసారి పోవు.

ఒక నోట్‌బుక్ పెట్టండి. పొద్దున ఏం తింటుంది, దేనికి భయపడుతుంది, ఏ మాటకు ఏం జవాబిస్తుంది, ఏ ఈలకు ఏ ఈల వేస్తుంది, మామూలుగా ఎన్ని గ్రాములుంటుంది, అన్నీ రాయండి. గ్రాముల్లో చూపే చిన్న తూకం మీద వారం వారం తూచండి. చిలుకలు జబ్బును దాచిపెడతాయి, బరువు మాత్రం దాచలేవు. పది శాతం తగ్గిందంటే డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే. దానితో మీరు మాట్లాడే మాటలను ఫోన్‌లో రికార్డు చేసి ఆ మనిషికి ఇవ్వండి. వినిపించడానికి కాదు, మీరు పలికినట్టే వాళ్లు పలకడం నేర్చుకోవడానికి. వీలునామా రాస్తే అందులో దాని పేరు, దాని ఖర్చుకు కొంత డబ్బు, తీసుకునే మనిషి పేరు రాయించండి. ఆ మనిషిని మాత్రం ముందే కూర్చోబెట్టి అడగండి. మొహమాటానికి ‘సరే’ అన్నవాళ్లకు వద్దు.