మేస్త్రీని కుర్చీలో కూర్చోబెట్టిన అమ్మాయికి

నోవై, మిషిగన్

అమ్మాయ్,

నీ కథ అందింది. వాక్యం నీ మాట వింటోంది, సంతోషం. ఇక నాకు కోపం వచ్చిన చోటికి వస్తాను.

రెండో పేజీలో, డాలస్ పక్క ఫ్రిస్కోలోని ఆ ఇంటి గరాజులో, నీ కథానాయిక మొగుడు నేల మీద రసమట్టం పెడతాడు. బుడగ సరిగ్గా నడిమధ్యన నిలుస్తుంది. "వాళ్ళ కాపురంలాగే" అని ఒక ముక్క తగిలించావు. పై పేరాలో కారుని పైకి లేపే నాలుగు స్తంభాల లిఫ్టు పెట్టెలు విప్పారు, కింది పేరాలో కారు గాల్లో ఉంది, అందరూ చప్పట్లు కొట్టారు. మధ్యలో జరిగిన పనంతా ఏమైందమ్మా?

అసలు ఆ బుడగ నడిమధ్యన నిలవదు. గరాజు నేలని కట్టేవాడు కావాలనే తలుపు వైపు వాలుగా పోస్తాడు, కారు మీంచి కారిన నీళ్ళూ నూనే లోపల నిలవకుండా. వాలు అడుక్కి ఎనిమిదో వంతు అంగుళం అనుకో. లిఫ్టు ముందు స్తంభానికీ వెనక స్తంభానికీ మధ్య 15 అడుగులుంటే ఈ కొసకీ ఆ కొసకీ దాదాపు రెండంగుళాల తేడా వస్తుంది. నీ కథంతా ఆ రెండంగుళాల్లో ఉంది. దాన్ని ఒక్క బుడగతో పూడ్చేశావు.

అదే పేజీలో ఇంకో వాక్యం ఉంది. "నాన్న సత్తెనపల్లిలో ముప్ఫై ఏళ్ళు తాపీ పని చేశాడు." అక్కడ కాగితం పక్కన పెట్టి లేచి అటూ ఇటూ తిరిగాను, ఇప్పుడేదో జరగబోతోందని. ఏమీ జరగలేదు. ఆయన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. టీ తాగాడు. ఊళ్ళో వేపచెట్టు గుర్తు తెచ్చుకున్నాడు. చివర్లో డాలస్ విమానాశ్రయంలో కళ్ళు తుడుచుకున్నాడు. మట్టం తప్పితే మనిషి మీద కారు పడే యంత్రం ఒక పక్క, ముప్ఫై ఏళ్ళు మట్టం చూసి బతికిన మనిషి ఇంకో పక్క. ఆ మనిషికి టీ కప్పు ఇచ్చి కూర్చోబెట్టడానికి నీకు చేతులెలా వచ్చాయి?

ఎలా వచ్చాయో నాకు తెలుసులే. మన అమెరికా కథలన్నిటికీ ఒకటే అచ్చు పడిపోయింది. తల్లో తండ్రో ఆర్నెల్లకి వస్తారు, వాళ్ళకి ఏమీ తోచదు, పిల్లలకి తీరదు, విమానాశ్రయంలో కథ ముగుస్తుంది. ప్రత్యేక సంచికలవాళ్ళకి అదంటే ప్రాణం. పోటీలవాళ్ళు పేజీల లెక్క పెట్టి, ఆ లెక్కలో పట్టేట్టు ఏడవమంటారు. పట్టాలంటే ముందు ఏం తీసేస్తాం? పనే తీసేస్తాం. పని తీసేశాక మిగిలేది కుర్చీలో కూర్చున్న ముసలాయన. నా మటుకు నాకు ఒకటే నమ్మకం, ఎంతమంది వెక్కిరించినా వదల్లేదు: మనుషులు పని జరిగే వరసలోనే బయటపడతారు. వరస మార్చకు, మింగకు. మిగిలినవన్నీ దాని వెనకే వస్తాయి.

నీకు నమ్మకం కుదరకపోతే ఆ శనివారం పొద్దున్నుంచి మొదలుపెట్టు. లారీ వాడు ఉక్కు మూటని ఇంటి ముందు దించి వెళ్ళిపోయాడు. కారు చక్రాలు ఎక్కే ఆ రెండు పొడుగాటి పలకల్ని మొగుడూ స్నేహితుడూ "చెరోవైపూ పట్టుకుని లోపలికి తెచ్చారు" అన్నావు. ఇద్దరు సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళు! అందులో ఒక పలక కడుపులో హైడ్రాలిక్ సిలిండర్ కూడా ఉంటుంది. ఇంజన్ హాయిస్టు అద్దెకి తెచ్చారా? చక్రాల చెక్కల మీద తోశారా? జాకీ పెట్టి ఒక్కో కొసా లేపారా? "మనవల్ల కాదురా, ఇంకో ఇద్దర్ని పిలుద్దాం" అని ముందు ఎవడన్నాడు? ఆ మాట ఎవడన్నాడో రాస్తే చాలు, వాళ్ళ స్నేహం గురించి నువ్వు రాసిన ముప్పావు పేజీ కొట్టేయొచ్చు.

తర్వాత డ్రిల్లు. "నాలుగు మూలలా కాంక్రీటుకి కన్నాలు వేశారు" అని తేలిగ్గా రాసేశావు. డాలస్ చుట్టుపక్కల ఇళ్ళకి చాలావాటికి పునాది పలకలో ఉక్కు తీగల్ని బలంగా లాగి బిగించి ఉంచుతారు. పోస్ట్ టెన్షన్ అంటారు. కొయ్యొద్దు, తొలవొద్దు అని గరాజు నేల మీదే చాలా ఇళ్ళల్లో ముద్ర వేసి ఉంటుంది. లాగి ఉన్న తీగ తెగితే ఆ పక్కన నిలబడ్డవాడి సంగతి చెప్పక్కర్లేదు. పైగా ఇంట్లో వాడే నాలుగు స్తంభాల లిఫ్టుల్లో చాలావాటిని బోల్టులు లేకుండానే నిలబెట్టుకోవచ్చు, మాన్యువల్ చూస్తే తెలిసిపోతుంది. నీ మనుషులు మాన్యువల్ తెరిచినట్టే లేదు.

ఆ తీగలెందుకో తెలుసా? అక్కడి నేల నల్లది. వాన పడితే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలు విచ్చుతుంది. అచ్చం మీ పల్నాడు నల్లరేగడే. సత్తెనపల్లి మేస్త్రీకి ఆ నేల సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. పెరట్లో నెర్రె చూసి, గరాజులో ముద్ర చూసి, ఆ ఇంగ్లిషు చదవలేకపోయినా "ఇక్కడ పునాది ఎంత లోతు వేశారమ్మా?" అని అడుగుతాడు. నీ కథలో ఆయన ఆ దేశంలో దేన్నీ గుర్తుపట్టడు. కాళ్ళ కింద మట్టిని కూడానా?

పాత సంగతి ఒకటి. నేనీ దేశం రాకముందు విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో లెక్కలు రాసేవాణ్ణి. అక్కడ ఒక వడ్రంగీ అల్లుడూ ఉండేవాళ్ళు. కట్నం దగ్గర చెడి ఇద్దరికీ మాటల్లేవు, కానీ దుంగకి చెరో కొసా పట్టుకోక తప్పదు. దాన్ని కథ చేశాను. ఛాసిస్ మీద అడ్డకర్రలు పరవడం నుంచి యూ బోల్టులు బిగించేదాకా వరసగా రాశాను. ఒక వారపత్రిక సంపాదకుడు తిప్పి పంపుతూ "పనిముట్లు ఎక్కువ, మనుషులు తక్కువ" అని ఎర్ర సిరాతో రాశాడు. తిరుగు టపా స్టాంపులు నావే, సిరా ఒక్కటే ఆయనది. ఇంకో పత్రిక వేసుకుంది గాని బోల్టుల పేజీ మొత్తం ఎత్తేసింది. మామా అల్లుళ్ళు మొదటిసారి మాట్లాడుకునేది ఆ పేజీలోనే, "ఇంకో చుట్టు తిప్పు" అని. దాని బదులు కథలో ఎక్కడా లేని వాలుజడ అమ్మాయి బొమ్మ వేశారు. షెడ్డులో రివెట్లు కొట్టే మనిషొకాయన చదివి, "బోల్టులు బిగించకుండానే బండి రోడ్డెక్కించావేంటి గురూ?" అన్నాడు. నాకొచ్చిన సమీక్షల్లో నేను ఒప్పుకున్నది అదొక్కటే.

సరే, మట్టానికి వద్దాం. స్తంభాలు చతురస్రంగా నిలిచాయో లేదో మూలకి మూల కొలిచి చూస్తారు. రెండు కర్ణాలూ సమానం రావాలి. టేపు ఒక కొస పట్టుకోవడానికి మనిషి కావాలి కదా, పెద్దాయన్ని కుర్చీలోంచి లేపడానికి అదే సందు. తర్వాత అడ్డదూలాలు, వాటి మీద పలకలు, పుల్లీల మీదుగా నాలుగు ఉక్కు తాళ్ళు. ఒక్కో స్తంభం లోపలా గాళ్ళున్న నిచ్చెనలాంటి ఉక్కు పట్టీ ఉంటుంది, పలకలు కిందికి జారకుండా ఆపే లాకులు పడేది వాటిలోనే. ఇక్కడే నీ కుర్రాళ్ళు గందరగోళపడాలి. స్తంభాల కింద షిమ్ములు, అంటే సన్నటి రేకు ముక్కలు, పెట్టేది స్తంభం నిటారుగా నిలవడానికి. రెండంగుళాల వాలునంతా షిమ్ములతో పూడుద్దామంటే మాన్యువల్ ఒప్పుకోదు. ఆ తేడాని ఆ నిచ్చెనల పైకొసనున్న నట్లు తిప్పి సరిచేస్తారు.

నేల వాలుగా ఉంది కాబట్టి నేల నుంచి కొలిస్తే అబద్ధం. మరి దేన్నుంచి కొలవాలి? మొగుడు ఫోన్లో లేజరు మట్టాల ధరలు చూస్తుంటాడు. పెద్దాయన హార్డ్‌వేర్ షాపులో పారదర్శకంగా ఉండే గొట్టం కొనుక్కు రమ్మంటాడు, నీళ్ళు పోసి రెండు కొసలూ పైకి పట్టిస్తాడు. మన ఊళ్ళల్లో ఇళ్ళన్నీ లేచింది ఆ గొట్టం మీదే. గొట్టంలో గాలి బుడగ చిక్కితే మట్టం తప్పుతుందని ఆయన వేలితో తట్టుకుంటూ చూస్తాడు. లిఫ్టు సిలిండర్లోనూ అదే గొడవ. గాలి చిక్కితే పలకలు కుదుపుతో లేస్తాయి, అందుకే కారు ఎక్కించకుండా కొన్నిసార్లు పైకీ కిందికీ నడిపి గాలి వదిలిస్తారు. ఇది అల్లుడికి ముందు తట్టిందా, మామగారికా? నేను చెప్పను, నువ్వు తేల్చుకో.

పలకల్ని లాకుల మీద దించి నీటి మట్టంతో నాలుగు మూలలూ చూస్తారు. ఏ మూల దిగి ఉందో గుర్తు పెట్టుకుని, లాకుల మీంచి పైకి లేపి, ఆ మూల నిచ్చెన నట్టు తిప్పి, మళ్ళీ దించి చూస్తారు. విసుగు పుట్టే పని. ఆ విసుగంతా రాయి, భయపడకు. తర్వాత తాళ్ళు. పైకి లేపుతున్నప్పుడు నాలుగు లాకులూ ఒకేసారి టక్కుమనాలి. ఏ మూల ఆలస్యంగా టక్కుమంటే ఆ మూల తాడు వదులుగా ఉన్నట్టు. మళ్ళీ లాకుల మీదకి దించి, బరువు లేనప్పుడు ఆ తాడు కొసనున్న నట్టు బిగిస్తారు. ఇది చెవితో చేసే పని. మోటారు మోతలో ఎవరెక్కడ నిలబడి వినాలి? నలుగురు కావాలి, మూలకొకరు. నీ కథలో సరిగ్గా నలుగురున్నారు, మొగుడు, స్నేహితుడు, తండ్రి, వంటింట్లో చిక్కుకుపోయిన నీ కథానాయిక. ఆ పిల్లని బయటికి రప్పించడానికి ఇంతకంటే ఏం కావాలి?

ఒక్కటి మాత్రం ఈ రాత్రే దిద్దు. కారు లేవగానే మీట ఆపి కింద దూరారు అన్నావు. లాకుల మీదకి దించకుండా, నూనె ఒత్తిడి మీద వేలాడుతున్న కారు కిందికి! చప్పట్లు కొట్టించే తొందరలో ఇద్దర్నీ చంపేసేదానివి.

మెంఫిస్‌లో పీటర్ లునాటీ అనే మెకానిక్ ఉండేవాడు. మంగలి కుర్చీ ఎలా లేస్తోందో చూసి 1925లో కార్లని లేపే హైడ్రాలిక్ లిఫ్టు చేశాడు. నీ కథలో కుర్చీ ఉంచి తీరాలంటే అలా వాడుకో.

"మాస్టారూ" అనకు, నేనెవరికీ పాఠాలు చెప్పలేదు. కలంపేరు సంగతీ, ఏ పత్రికకి పంపాలన్న సంగతీ అడిగావు. వాటికి తొందరేమీ లేదు. వంటింటి పేజీలు రెండూ, విమానాశ్రయం మొత్తం తీసెయ్యి. తాళ్ళు కొత్తల్లో సాగుతాయి, కొన్నాళ్ళకి మళ్ళీ బిగించుకోవాలి. ముసలాయన తిరిగి వెళ్ళాక ఆ పని ఎవరు చేస్తారో కూడా ఆలోచించి రాయి. అయ్యాక పంపు. ఈసారి యూనికోడ్‌లో కొట్టి పంపు. పోయినసారిలా కాగితాలు ఫోన్‌తో ఫోటోలు తీసి పంపితే చదవను, నా కళ్ళు ఆనడం లేదు.

ఆశీస్సులతో.