దించేటప్పుడు తాడు చివర చూసుకో

బుజ్జీ,

నీ స్నేహితులు నలుగురు వస్తున్నారనీ, రెండు రోజులు వాళ్లని బండలెక్కించే పని నువ్వే మీదేసుకున్నావనీ మీ అమ్మ చెప్పింది. మొన్నమొన్నటిదాకా ఇంకొకళ్లు వేసిన తాడు పట్టుకుని ఎక్కిన పిల్లవి, ఇప్పుడు నువ్వే నలుగురికి తాడు వేస్తున్నావంటే గర్వంగానే ఉంది. కానీ ఆ వెనకే బెంగ కూడా మొదలైంది. ఫోన్‌లో చెబితే "సరే పిన్నీ, సరే" అని పెట్టేస్తావు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను.

నువ్వు ఎక్కుతూ పడిపోతావని నాకు భయం లేదు. ఎక్కేటప్పుడు అందరూ ఒళ్లు దగ్గర పెట్టుకునే ఉంటారు, కింద తాడు పట్టుకుని బిలే చేసేవాళ్లు కన్ను తిప్పరు. పైకి చేరాక, కింద అందరూ చప్పట్లు కొట్టాక, "ఇక దించెయ్" అన్న తర్వాతే నా గుండె దడంతా. పైగా వచ్చేవాళ్లు అతిథులు. వాళ్ల ముడి లాగి చూడాలంటే మొహమాటం, వాళ్లు నడుముకీ తొడలకీ కట్టుకునే హార్నెస్ పాతబడిందనాలంటే మొహమాటం, మధ్యలో మాటలాపమనాలన్నా మొహమాటమే. బండ దగ్గర అది పనికిరాదు. ఆ రెండు రోజులూ నీకు పొగరని వాళ్లు అనుకున్నా పరవాలేదు.

నీళ్లు, హెడ్‌ల్యాంప్, ప్రథమ చికిత్స సామాను, నీడ ఏ వైపు ఎప్పుడు పడుతుందో చూసుకోవడం, ఇవన్నీ నీకు తెలుసు. ముందురోజు వానపడి అక్కడిది ఇసుకరాయి అయితే ఎక్కకండి. తడిసిన ఇసుకరాయి బలం కోల్పోతుంది, పట్టు చేతిలోకి ఊడొస్తుంది. పైపైన ఎండినట్టు కనిపించినా లోపల తేమ ఒకటి రెండు రోజులు ఉంటుంది. ఎక్కే దారిలో, అదే రూట్ మీద, తేనెపట్టు కనబడితే ఎంత మంచి రూట్ అయినా వదిలెయ్. హెల్మెట్ ఎక్కేవాళ్లకే కాదు, కింద నిలబడ్డవాళ్లకీ ఉండాలి. రాళ్లు పడేది వాళ్ల మీదే.

వాళ్లు రాగానే సామాను మొత్తం నేలమీద పరిపించు. తాడుని ఈ చివర నుంచి ఆ చివరదాకా వేళ్ల మధ్యనుంచి పోనివ్వు. ఎక్కడైనా మెత్తగా, చదునుగా తగిలినా, పై తొడుగు చిరిగి లోపలి తెల్ల పోగులు కనబడినా ఆ తాడు పక్కన పెట్టెయ్. కారు డిక్కీలో బ్యాటరీ పక్కన పడున్న తాడైతే అసలే వద్దు. ఆమ్లం తగిలిన నైలాన్ పైకి బాగానే కనిపిస్తుంది, బరువు పడ్డాకే తెగుతుంది. హార్నెస్‌లో కుట్లూ, ముందువైపు బరువు మోసే బిలే లూపూ చూడు. టాడ్ స్కిన్నర్ అనే గొప్ప క్లైంబర్ 2006లో యోసెమిటీలో తాడు మీద దిగుతుండగా అరిగిపోయిన బిలే లూప్ తెగి చనిపోయాడు. చూశావా, అదీ దిగేటప్పుడే. నీ స్నేహితుల్లో ఎవరి లూప్ అయినా పీచు లేచి ఉంటే, నీది ఇచ్చి నువ్వు కూర్చో. అంతేగానీ "ఈ ఒక్కసారికి" అనొద్దు.

ఇక ముడి. ఎనిమిది అంకెలా ఉండే ఫిగర్ ఎయిట్ ముడి వేసి, హార్నెస్‌లో కాళ్ల దగ్గర ఒకటి, నడుము దగ్గర ఒకటి ఉన్న రెండు లూపుల్లోంచీ తాడు పోనిచ్చి, అదే దారిలో వెనక్కి నడిపించాలి. జంట తాళ్లు ఒకదాని మీదొకటి ఎక్కకుండా పక్కపక్కనే పడుకోవాలి. బయట కనీసం 10 సెంటీమీటర్ల తోక మిగలాలి. ఇది నీకు నిద్రలో లేపినా వచ్చు, అందుకే చెబుతున్నాను. పేరున్న క్లైంబర్ లిన్ హిల్ కంటే బాగా ముడి వచ్చినవాళ్లు ఎవరు? 1989లో ఫ్రాన్స్‌లో ఆమె తాడు హార్నెస్‌లోంచి పోనిచ్చి, ముడి పూర్తిచేయకుండానే షూస్ వేసుకోవడానికి వెళ్లింది. పైన జాకెట్ ఉండటంతో ముడి లేని సంగతి ఎవరికీ కనబడలేదు. రూట్ మొత్తం చక్కగా ఎక్కేసింది. పైన తాడు మీద కూర్చోగానే 20 మీటర్లకు పైనుంచి పడింది. మధ్యలో చెట్టు కొమ్మలు తగలబట్టి బతికింది. అందుకని ముడి మొదలుపెట్టినవాళ్లతో ఎవరూ మాట్లాడకూడదని ముందే చెప్పెయ్. మాట్లాడితే ముడి విప్పి మళ్లీ మొదటినుంచి. కాలు నేల వదిలేముందు ఎక్కేవాళ్లు బిలే చేసే బిలేయర్ లోహపు కొక్కెం, అదే క్యారబీనర్, తాళం నొక్కి చూడాలి, బిలేయర్ వాళ్ల ముడి పట్టుకుని చూడాలి. కంటితో చూస్తే చాలదు, చెయ్యి పడాలి.

ఇప్పుడు నాకు నిద్ర పట్టనివ్వని సంగతికి వస్తాను. ఓపిగ్గా చదువు.

మా కాలంలో తాళ్లు 40, 45 మీటర్లే. నడుముకే చుట్టుకుని బౌలైన్ ముడి వేసుకునేవాళ్లం, పడితే పక్కటెముకలు చెప్పేవి. అది మంచి పద్ధతని అనను. కానీ తాడు పొట్టి కాబట్టి ఎంత మిగిలిందన్న ధ్యాస ఎప్పుడూ ఉండేది. ఇప్పుడు 60, 70 మీటర్ల తాళ్లు వచ్చాక లెక్కపెట్టేవాళ్లే లేరు. తాడు చివర ముడి లేకుండా దించడం అనే పాత తప్పు ఇంకా మనుషుల్ని పడేస్తూనే ఉంది. అది కొత్తవాళ్ల తప్పు అనుకుంటావేమో. ఏళ్ల తరబడి ఎక్కుతున్నవాళ్లూ చేస్తారు, కొత్తవాళ్లు భయంతో అన్నీ రెండుసార్లు చూసుకుంటారు.

లెక్క చూడు. తాడు 60 మీటర్లు, రూట్ 32 మీటర్లు అనుకో. తాడు వెంట తీసుకుని ముందుగా ఎక్కి లీడ్ చేసినవాళ్లు పైన తాడు తగిలించే యాంకర్ చేరేసరికి 32 మీటర్లు పైకి పోయాయి, బిలేయర్ దగ్గర 28 మిగిలాయి. ఆ 28 అయిపోయేసరికి ఎక్కినవాళ్లు ఇంకా నేలకి 4 మీటర్ల ఎత్తున ఉంటారు. తాడు సాగడం వల్ల కాస్త కిందికి రావచ్చు. కానీ ముడికి ఓ మీటరు పోతుంది, బిలేయర్ బండకి దూరంగా నిలబడితే ఇంకో రెండు మూడు మీటర్లు పోతాయి, రూట్ వంకరటింకరగా ఉంటే మరికొంత. అప్పుడేమవుతుంది? బిలేయర్ కళ్లు పైన మనిషి మీద ఉంటాయి, ఉండాలి కూడా. మిగిలిన తాడు కాళ్ల దగ్గర గడ్డిలో కుప్పగా ఉంటుంది, అది కరిగిపోవడం ఎవరూ చూడరు. చివర ఒక్కసారిగా చేతిలోంచి, పరికరంలోంచి జారిపోతుంది. దానంతటదే తాడు పట్టేసే గ్రిగ్రి ఉందిగా అనకు. తాడే లేకపోతే గ్రిగ్రి దేన్ని పట్టుకుంటుంది? కింద మెత్తటి నేలుంటే చీలమండతో పోతుంది, రాళ్లో వాలో ఉంటే అంతటితో ఆగదు.

అతిథుల తాడుతో ఇది ఇంకా ప్రమాదం. సంచి మీద 60 అని రాసి ఉంటుంది. వాడగా వాడగా తాడు కొన్ని మీటర్లు కుంచించుకుపోతుంది. చివర్లు అరిగితే కోసేస్తారు, అదెప్పుడు కోశారో వాళ్లకే గుర్తుండదు. ఒక వైపే కోసి ఉంటే మధ్య గుర్తు కూడా అబద్ధమే చెబుతుంది. మధ్య గుర్తు బిలే పరికరం దాటేలోపు యాంకర్ చేరితే సరిపోతుందని నీకు నేర్పిందే నేను, కానీ ఆ గుర్తు నిజంగా మధ్యలో ఉంటేనే ఆ సూత్రం. రెండు చివరలూ కలిపి మడిచి చూడు. తర్వాత రెండు చేతులూ చాచి బారలు లెక్కపెట్టు. ముందు నీ బార టేపుతో కొలుచుకో. 1.6 మీటర్లయితే 60 మీటర్ల తాడు 37 బారల పైచిలుకు రావాలి.

మందు చిన్నదే. ఎవరూ ఎక్కకముందే, తాడు సంచి విప్పగానే, చివరనుంచి అర మీటరు వదిలి గట్టి స్టాపర్ ముడి వెయ్యి. తాడుని దానిచుట్టూ అదే మూడు చుట్లు చుట్టి, చివరని ఆ చుట్లలోంచి తీసి బిగించే ముడి. లేదా బిలేయరే ఆ చివర తన హార్నెస్‌కి కట్టుకోవాలి. రూట్ 15 మీటర్లే కదా అని మానొద్దు. పొట్టి రూట్లలో మానేసినవాళ్లకి పొడుగు రూట్ దగ్గర చెయ్యి రాదు. ఒకటి మాత్రం గుర్తుంచుకో, దిగాక తాడు లాగేముందు ఆ ముడి విప్పాలి, లేకపోతే పైన రింగులో ఇరుక్కుని కూర్చుంటుంది.

తర్వాతది మాటలు. ఒక్కొక్కళ్లు ఒక్కోచోట నేర్చుకుని వస్తున్నారు. యాంకర్ దగ్గర ఒకళ్లు "సేఫ్" అని అరిస్తే కిందివాళ్లకి "తాడు వదిలెయ్, నేనే తాడు మీద రాపెల్ చేసి దిగుతా" అని వినిపించవచ్చు. పైవాళ్లేమో దించుతారని వెనక్కి వాలతారు. అందుకే దించాలా, తామే దిగుతారా అన్నది నేలమీదే తేల్చుకోవాలి. ఎక్కాక మార్చుకోవడం లేదు. అరిచేటప్పుడు పేరు ముందు, మాట తర్వాత. యాంకర్ నుంచి విడివడే ముందు తాడు బిగించమని, బరువు దాని మీద వేసి, కిందివాళ్ల వైపు తాడు చేత్తో పట్టుకుని, నిజంగా పట్టారని తెలిశాకే క్లిప్ తియ్యాలి. పక్క రూట్లో ఎవరో తాడు బిగించమని "టేక్" అంటే మనవాళ్లేననుకునే పరిస్థితి నువ్వూ చూసే ఉంటావు.

తాడు ముందే పైనుంచి వేసి ఎక్కించే టాప్‌రోప్ వేస్తే, బండలో దిగ్గొట్టిన రెండు బోల్టులకి రెండు క్విక్‌డ్రాలు, అంటే పట్టీకి రెండు వైపులా కొక్కేలున్నవి, గేట్లు ఎదురెదురుగా. అందరూ వాటి మీదే ఎక్కి దిగాలి, చివరివాళ్లు మాత్రమే స్థిరమైన రింగుల్లోంచి దిగాలి. రింగులు అరగడం అలా తగ్గుతుంది. గుడ్డ పట్టీ స్లింగ్‌లోంచి నేరుగా తాడు పోనిచ్చి ఎవరినీ దించకు. నైలాన్ మీద నైలాన్ రాసుకుంటే కరిగి తెగుతుంది, దానికి నిమిషాలు కూడా పట్టవు. మధ్యలో లోహం ఉండి తీరాలి.

వాళ్లలో ఇద్దరు జిమ్‌లో మాత్రమే ఎక్కారట కదా. అక్కడ 6బీ అనే కష్టస్థాయి ఎక్కినవాళ్లకి బయట అంతకంటే తేలికైన 5 కూడా కష్టంగా తోస్తుంది, రంగు పట్టులు ఉండవు, బోల్టులు దూరం. వాళ్లచేత తొలిరోజు లీడ్ చేయించకు. సన్నటి పిల్ల లావుపాటి కుర్రాడికి బిలే చేస్తే, అతను పడగానే ఆమె లేచి బండకి గుద్దుకుంటుంది. జతలు నువ్వే చూసి పెట్టు. గ్రిగ్రిలో తాడు తిరగేసి పెట్టారేమో, ఎక్కేవాళ్ల వైపు ఒక్కసారి గుంజి చూడు, అది పట్టుకోవాలి.

ఇంతా తిట్టానని ముఖం మాడ్చుకోకు. నీ కాలు ఎక్కడ వెయ్యాలో నీకు బాగా తెలుసు, ఆ విషయంలో నాకంటే నువ్వే నయం. మొహమాటం ఒక్కటే నీకు మీ అమ్మ దగ్గర్నుంచి వచ్చింది.

వాళ్ల తాడు బారలతో కొలిచి ఎంత వచ్చిందో నాకు మెసేజ్ పెట్టు. 60కి తగ్గితే నా 70 మీటర్ల తాడు పట్టుకెళ్లు, అలమారలో పై అరలో ఉంది. ఒక చివర స్టాపర్ ముడి వేసే ఉంచాను.

మీ పిన్ని