టాటా ఏస్‌లో ప్రచార ఆఫీసు: అల్లుడికి ఉత్తరం

అల్లుడూ,

ప్రచారానికి బండి మాట్లాడావట, సంతోషం. ఫ్లెక్సీ ఎంత పెద్దదన్నది తర్వాత, ముందు కుర్చీల సంగతి చూడు. ఒక ముసలామె నీడన కూర్చుని, ఓటరు లిస్టులో తన పేరు చూపించుకుని వెళ్లగలిగితేనే అది ఆఫీసు. లేకపోతే మైకు బండే.

ఏస్ తొట్టి పొడవు 7 అడుగుల పైచిలుకు, వెడల్పు 5 అడుగులకు కాస్త తక్కువ. అందులో మనుషుల్ని కూర్చోబెట్టకు. సామాను పైన, జనం కింద. రెండు మడత బల్లలు, ఎనిమిది ప్లాస్టిక్ కుర్చీలు చాలు. బండికి కట్టే పందిరి ఎడమవైపే దించు, కుడివైపు లారీలు పోతుంటాయి. పందిరికి టార్పాలిన్ పట్టా తెల్లదే కొను. దానిమీద జానెడు ఎత్తున గ్రీన్ నెట్ కడితే మే నెల ఎండకి కాస్త ఊపిరాడుతుంది. సాయంత్రం గాలివాన లేచిందంటే పట్టా గొట్టాలతో సహా ఎగిరిపోతుంది. ప్రతి గొట్టానికీ 20 కిలోల ఇసుక బస్తా కట్టాల్సిందే. బండికి ఏం బిగించినా ముందు ఆర్టీఓ ఆఫీసులో అడుగు.

ఎక్కువమంది దెబ్బతినేది కరెంటు దగ్గర. ల్యాప్‌టాప్‌కి 60 వాట్లు, రెండు ఫ్యాన్లకి 60, లైట్లకి 20, ప్రింటరుకి 20, ఫోన్ల చార్జింగుకి 60. మొత్తం 220. 12 వోల్టుల 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) బ్యాటరీలో ఉండేది 1,800 వాట్ అవర్లు. అందులో సగమే వాడుకోవాలి, లేదంటే బ్యాటరీ త్వరగా పోతుంది. కాబట్టి నాలుగు గంటలకు మించి ఆశించకు. లేజర్ ప్రింటరు మాత్రం ఎక్కించకు. లోపలి రోలరు వేడెక్కేటప్పుడు ఒక్కసారిగా వందల వాట్లు లాగుతుంది, చిన్న ఇన్వర్టరు ట్రిప్ అవుతుంది, ల్యాప్‌టాప్ తప్ప అన్నీ ఆరిపోతాయి. ఇంకు ట్యాంకుది తీసుకో. మైకుకి వేరే బ్యాటరీ పెట్టు. నీళ్లు పోసే బ్యాటరీ గతుకుల్లో యాసిడ్ చిమ్ముతుంది, సీల్డ్‌ది కొని క్యాబిన్ వైపు కదలకుండా బిగించు, పక్కనే ఫ్యూజు వేయించు.

ఓటరు లిస్టు పార్టుల వారీగా (పార్టు అంటే ఒక బూతు ఓటర్ల లిస్టు) బైండు చేయించి, మండలానికో ట్రంకుపెట్టె పెట్టు. విడి కాగితాలు గాలికి పోతాయి. మీరిచ్చే ఓటరు స్లిప్పు తెల్ల కాగితం మీదే ఉండాలి, పార్టీ పేరు, గుర్తు, అభ్యర్థి పేరు ఏవీ ఉండకూడదు. కరపత్రాలు వేరు, వాటిమీద ముద్రించినవాళ్ల, వేయించినవాళ్ల పేర్లు, చిరునామాలు తప్పనిసరి. సమస్య చెప్పినవాళ్ల పేరు, పార్టు నంబరు, ఎవరు చూడాలన్నది ఒకే నోట్‌బుక్‌లో రాయి.

రిటర్నింగ్ అధికారి ఇచ్చిన అనుమతి అసలు కాగితం అద్దానికి అంటించు, జిరాక్సు కాదు. మైకు రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా మోగకూడదు. అద్దె, డీజిలు, డ్రైవరు బత్తా అన్నీ అభ్యర్థి ఎన్నికల ఖర్చు ఖాతాలోకే వెళ్తాయి. అసెంబ్లీకి మన రాష్ట్రాల్లో పరిమితి 40 లక్షలు. అందుకని లాగ్‌బుక్ ఏ రోజుకారోజే రాయి. ఎన్నికల ఖర్చు పరిశీలకులు వాళ్ల లెక్క వాళ్లు రాసుకుంటారు, నీ లెక్క దానితో పొసగకపోతే జవాబు చెప్పాల్సింది అభ్యర్థి. బండిలో 50 వేలకు మించి నగదు ఉంచకు, తనిఖీలో పట్టేస్తారు.

పోలింగ్ ముగియడానికి 48 గంటల ముందే ప్రచారం ఆగిపోవాలి. ఆ గడియకు ఫ్లెక్సీ, జెండా, మైకు విప్పేసి బండి పక్కన పెట్టించు. పోలింగ్ రోజు బూతుకి 100 మీటర్ల అవతల ఒక బల్ల, రెండు కుర్చీలే అనుమతి. వాటిని ముందు రాత్రే బూతుల వారీగా పంపించు, ఈ బండిలోవి రెండు బూతులకే సరిపోతాయి.

నీ మామయ్య