ఫిబ్రవరిలో మండుటెండ ఎక్కడిది నాయనా?

నాయనా,

నీ కథ అందింది. రాత్రి ఒకసారి చదివాను, పొద్దున్నే టీ పెట్టుకుని ఇంకోసారి చదివాను. రెండోసారి కోపం వచ్చింది. అది తగ్గకముందే ఈ జవాబు రాస్తున్నాను. తగ్గాక రాస్తే మర్యాదగా రాస్తాను, దానివల్ల నీకు ఉపయోగం ఉండదు.

మూడో పేజీలో జెండాలు కట్టిన కార్లు వస్తాయి. పిల్లలు నీళ్ల తుపాకులు, నురగ డబ్బాలు పట్టుకుని దారినపోయేవాళ్లనందరినీ తడుపుతుంటారు. అంటే అది కువైట్ నేషనల్ డే, ఫిబ్రవరి 25. మర్నాడు లిబరేషన్ డే. అక్కడిదాకా బాగుంది. పేజీ తిప్పగానే నీ హీరో మండుటెండలో, నిప్పుల కొలిమి లాంటి ఇసుకలో, గొంతు తడారిపోయి కూలబడిపోయాడు. వడదెబ్బ! ఫిబ్రవరి 25న! నువ్వుండేది జహ్రాలో, చేసేది హౌస్ డ్రైవర్ పని. ఆ వారం నీ ఒంటిమీద ఉన్నది బనీనా, స్వెట్టరా?

రాయచోటిలోనో రాజంపేటలోనో కూర్చుని, విన్నమాట పట్టుకుని రాసి ఉంటే ఇంత బాధపడేదాన్ని కాదు. నువ్వు అక్కడే ఉండి, ఆ గాలిలో బండి నడుపుతూ, ఆ చలికి చేతులు రుద్దుకుంటూ ఎండ గురించి రాశావు. ఎందుకు రాశావో నాకు తెలుసు. గల్ఫ్ కథ అంటే ఎండ ఉండాలి, చెమట ఉండాలి, చివర్లో ఒక శవపేటిక రావాలి. అలా ఉంటేనే వేస్తారని ఎవరో నీకు చెప్పి ఉంటారు.

ఆ వారం ఎలా ఉంటుందో మనిద్దరికీ తెలుసు. నీ కథలో లేదు కాబట్టి నేను చెప్తాను. ఫిబ్రవరి ఆఖరు, మార్చి మొదలు. అక్కడి పెద్దవాళ్లు ఆ ఏడెనిమిది రోజుల్ని బర్ద్ అల్ అజూజ్, ముసలమ్మ చలి అంటారు. చలికాలం అయిపోయిందని దుప్పట్లు ఉతికి మడతపెట్టాక మళ్లీ వచ్చే చలి అది. ముందు ఆగ్నేయం నుంచి గాలి వస్తుంది, కోస్ అంటారు. ఉక్కగా ఉంటుంది, ఆకాశం తెల్లబడుతుంది, ఒళ్లంతా జిగటగా అవుతుంది. మధ్యధరా సముద్రం వైపు నుంచి ఒక అల్పపీడనం ఇరాక్ మీదుగా వస్తోందని దానర్థం. అది దాటిందంటే గంటల్లో గాలి వాయవ్యానికి తిరుగుతుంది. అదే శమాల్. దక్షిణ ఇరాక్ మైదానాల మట్టినంతా ఎత్తుకొస్తుంది. ఒక్కోసారి ఒకటిన్నర రోజులో పోతుంది, ఒక్కోసారి మూడు నుంచి ఐదు రోజులు పట్టుకుంటుంది. మధ్యలో నాలుగు చినుకులు పడితే అవీ మట్టి చినుకులే. మామూలుగా ఆ నెలలో పగలు 20, 22 డిగ్రీలు ఉంటుంది. గాలి తిరిగాక 15 దాటని రోజులూ ఉంటాయి. ఊరు దాటి బర్‌లోకి, అంటే ఎడారిలోకి వెళితే రాత్రికి ఇంకా పడిపోతుంది. పైన మబ్బు లేదు, గాలిలో తేమ లేదు. పొద్దంతా పట్టిన వేడిని ఇసుక చీకటి పడగానే వదిలేసుకుంటుంది.

కువైట్ ఎడారిలోని మిత్రిబాలో 2016 జులై 21న 53.9 డిగ్రీలు నమోదైంది. ఈ సంగతి మనవాళ్లలో చాలామందికి తెలుసు. అదే మిత్రిబాలో జనవరి తెల్లవారుజామున గొర్రెలు కాసేవాడు రెండు జాకెట్లు ఒకదానిమీద ఒకటి వేసుకుంటాడని ఎవరికీ తెలియదు. ఎందుకంటే నీలాంటివాళ్లు రాయరు. అక్కడి ప్రభుత్వానికి కూడా ఏ కాలం ఏమిటో తెలుసు నాయనా. జూన్ 1 నుంచి ఆగస్టు 31 దాకా పగలు 11 నుంచి 4 వరకు ఎండలో పని చేయించకూడదని రూలు పెట్టింది. ఆ రూలుకున్న క్యాలెండరు కథకు కూడా ఉండాలి కదా?

ఇక రెండో కోపం. ఐదో పేజీలో దుమ్ము లేచింది. హమ్మయ్య, గాలి వచ్చింది అనుకున్నాను. వెంటనే ‘బయట తుఫాను, అతని గుండెలోనూ తుఫాను’ అన్నావు. ఆ వాక్యం కొట్టెయ్. ఇలాంటివి ఎక్కడ కనిపించినా కొట్టెయ్. ఇప్పుడు ఏ పత్రిక తెరిచినా ఇదే ఫ్యాషన్. హీరో ఏడిస్తే వాన, హీరోయిన్ అలిగితే మబ్బు. గాలికి మన బాధలతో పనిలేదు. అది ఒక వైపు నుంచి, ఒక టైముకి వస్తుంది. వచ్చి ఎవరో ఒకరికి పని పెంచుతుంది. ఎవరికి ఏ పని పెరిగిందో రాయి. నేను ఇన్నేళ్లుగా నమ్మి రాస్తున్నది ఇదే. దీని గురించి ఎంతమందితో గొడవపడ్డానో లెక్కలేదు.

నీ హీరో డ్రైవరు. మట్టి చినుకులు పడి ఆరిన కారు మీద మచ్చలు ఎలా ఉంటాయి? గుడ్డతో తుడిస్తే గీతలు పడతాయని ముందు నీళ్లు కొట్టాలి, అవునా? ఆ చలిలో, తెల్లారి ఐదింటికి, పిల్లల్ని స్కూలుకి దింపేముందు. మధ్యాహ్నానికి మళ్లీ దుమ్ము, మళ్లీ కడుగు. సాయంత్రం బాబా, అంటే ఇంటి యజమాని, వచ్చి కారు మురికిగా ఉందేమంటాడు. బర్‌లోకి పోయే సుబియా రోడ్డు మీద ముందు బండి లైట్లు కనపడనప్పుడు నువ్వేం చేస్తావు? పక్కకు తీసి ఆపుతావా, వెనక సీట్లో మామా, అదే ఇంటి యజమానురాలు, తొందరపెడుతుందని నిదానంగా పోనిస్తావా? ఇవన్నీ నీ చేతిలో ఉన్న విషయాలు. వీటిని వదిలేసి గుండెలో తుఫాను రాశావు.

నా సంగతి చెప్తాను. నేను కద్దామాగా, అంటే ఇంటిపనిమనిషిగా, పనిచేసిన ఇంటివాళ్లు ప్రతి చలికాలం బర్‌లో డేరాలు వేసేవాళ్లు. ఇప్పుడైతే 2019లో తెరిచిన జాబర్ వంతెన మీదుగా ఊళ్లోనుంచి నేరుగా సుబియా చేరిపోవచ్చు. అప్పుడు జహ్రా చుట్టూ తిరిగి పోవాలి. వంట నాది. నేషనల్ డే సెలవులకి చుట్టాలంతా దిగేవాళ్లు. ఒక సంవత్సరం ఉదయం నుంచి కోస్ గాలి. మధ్యాహ్నం మజ్బూస్‌కి, అదే వాళ్ల మాంసం అన్నానికి, బియ్యం నానబెట్టాను, మాంసం ఉడుకుతోంది. ఉన్నట్టుండి గాలి ఆగిపోయింది. మా డ్రైవరు రాయచోటి మనిషి. అన్నం తింటున్నవాడల్లా లేచి, పళ్లెం పక్కన పెట్టి, పెద్ద జిఎంసి బండిని తీసుకొచ్చి నా పొయ్యికి వాయవ్యం వైపు అడ్డంగా నిలిపాడు. నాకు అర్థం కాలేదు. పొయ్యి దగ్గర బండేమిటి, తీయమని కేకలు వేశాను. అతను పలక్కుండా డేరా మేకుల మీద రాళ్లు పెట్టడానికి వెళ్లిపోయాడు. కాసేపటికి వాయవ్యంలో ఎర్రగా గోడ లేచింది. ఆ బండి లేకపోతే ఆరోజు మంట నిలిచేది కాదు. దేగిసా మూత చుట్టూ తడిగుడ్డ చుట్టినా అన్నంలో ఇసుక పడనే పడింది. తిట్లు నేనే తిన్నాను. రాత్రి ఆడవాళ్ల డేరాలో గుడ్డ గోడలు టపటపా కొట్టుకుంటుంటే, ఉన్న బట్టలన్నీ వేసుకుని కూర్చుని అమ్మకు ఉత్తరం రాశాను. ఇక్కడ చలి చంపేస్తోంది అని.

ఆ ఉత్తరం మా ఊళ్లో ఎవరో చదివి వినిపించారు. అమ్మ ఏడ్చిందట. ఎడారిలో చలేమిటి, పిల్లకి జ్వరం వచ్చి ఒణుకుతోంది, మనకి చెప్పకుండా దాస్తోంది అని. ఆ తర్వాత వచ్చిన ప్రతి ఉత్తరంలోనూ జ్వరం తగ్గిందా అనే అడిగేది.

ఊరికి తిరిగొచ్చాక ఆ రాత్రినే మొదటి కథగా రాశాను. ఒక వారపత్రికకు పంపాను. ఎడిటర్ గారు పెన్సిల్‌తో గుర్తులు పెట్టి తిప్పి పంపారు. ఎడారిలో దుప్పటి ఎందుకమ్మా, పాఠకులు నవ్వుతారు, తీసేయండి అని మార్జిన్‌లో రాశారు. నేను తీయలేదు. ఇంకో పత్రిక వేసుకుంది. అచ్చయ్యాక చూస్తే దుప్పటి ఉన్నచోట చెమట ఉంది. నా పేరు కింద, నేను రాయని చెమట! కువైట్‌లో నాతో పనిచేసిన ఆడవాళ్లు అది చదివి, ఈమె ఎప్పుడైనా బర్‌కి వచ్చిందా అనుకున్నారట. ఆ ఎడిటర్ ఇప్పుడు లేరు. అయినా ఆ మాట నేను మర్చిపోలేదు, మర్చిపోను. మన ఇళ్లలో మన అమ్మలే నమ్మని సంగతిని నమ్మించడానికి కథ ఉన్నది. వాళ్లకి ముందే తెలిసిన ఎడారినే మళ్లీ వాళ్లకి అమ్మడానికి నువ్వెందుకు, నేనెందుకు?

గాలి ఎటు వీచింది అన్నది చిన్న విషయం అనుకోకు. ఇరాక్ సైన్యం కువైట్‌లోకి చొరబడ్డ 1990 ఆగస్టు 2 తర్వాత అందరితో పాటు నేనూ బాగ్దాద్, అమ్మాన్ మీదుగా ఇల్లు చేరాను. తర్వాతి ఏడాది యుద్ధంలో ఆ సైన్యం 600కి పైగా నూనె బావులు తగలబెట్టింది. చివరి బావి ఆర్పేసరికి నవంబరు అయింది. అన్ని నెలలూ గాలి వాయవ్యమైతే పొగ దక్షిణానికి, గాలి తిరిగితే ఊరిమీదికి. నేను మళ్లీ వెళ్లాక ఆ ఇంట్లో నాకు చెప్పిన మొదటి పని గోడల మీద, కర్టెన్ల మీద మసి కడగడం. కడుగుతుంటే తెలిసింది, ఉత్తరం వైపు గదుల్లో కంటే దక్షిణం గదుల్లో మసి ఎక్కువ. యుద్ధం గురించి నేను రాసిన కథలో అదొక్కటే నా సొంతం. మిగతాదంతా పేపర్లలో వచ్చిందే.

నీ హీరోని చంపాలనే ఉంటే చంపు, అడ్డు చెప్పను. వడదెబ్బతో మాత్రం కాదు. ఆ వారంలో అక్కడ మన పేదవాళ్లకి ఉన్న అసలు ప్రమాదం వేరే. చలికి తట్టుకోలేక డేరాలోనో, కిటికీ లేని గదిలోనో బొగ్గుల కుంపటి పెట్టుకుని, గాలి రాకుండా సందులన్నీ మూసి పడుకుంటారు. కుంపటిలోంచి వచ్చే విషవాయువుకి వాసన ఉండదు, పడుకున్నవాడికి తెలియదు. చలికాలం వచ్చిందంటే అలా పోయినవాళ్ల సంగతి వినని సంవత్సరం లేదు. నీ కథలో గొర్రెల మంద దగ్గర ఉండే ఆ రెండో మనిషి ఉన్నాడే, అతని రేకుల గది ఎలా ఉంటుందో చూసొచ్చి రాయి. కిటికీ ఉందా? తలుపు సందులో ఏం కుక్కాడు? ఇది రాస్తే చదివినవాడెవడైనా ఊరికి ఫోన్ చేసి, కుంపటి లోపల పెట్టుకోవద్దురా అని చెప్తాడు. అందుకైనా రాయాలి.

ఆరో పేజీలో ఒకచోట ఆగిపోయాను. నీ హీరో బయట నిలబడి ఇంటికి ఫోన్ చేస్తాడు. ‘లారీ పోతోందా అక్కడ?’ అంటుంది భార్య. ‘లారీ కాదు, గాలి’ అంటాడు. ఆమె నమ్మదు. రోడ్డు మీద నిలబడి మాట్లాడకు, పక్కకి రా అంటుంది. ఇది నువ్వు విన్నది, కల్పించింది కాదు. ఇక్కడ నాకు మా అమ్మ ప్రతి ఉత్తరంలో అడిగిన జ్వరం గుర్తొచ్చింది. దీని తర్వాత మూడు లైన్లు కన్నీళ్ల గురించి రాశావు, అవి తీసెయ్. ఆమె మాట దగ్గరే వదిలెయ్.

పోటీలకు పంపాలా, ఎన్ని పేజీలుండాలి, మన సీమ మాట వాడొచ్చా అని చాలా అడిగావు. సీమ మాట వాడు. మిగతావి తర్వాత.

ఆరో పేజీని మొదటి పేజీగా పెట్టి మళ్లీ రాయి. ఎండ అంతా తీసెయ్. ఈసారి పంపేటప్పుడు పేజీ నంబర్లు వెయ్యి, ఫోన్లో ఫోటోలు తీసి పంపావు కాబట్టి రెండు పేజీలు తారుమారయ్యాయి. డేరాలు మార్చి 15 నాటికి పీకేయాలి కదా, ఆ పనికి మీ బాబా నిన్నూ పంపుతాడు. మేకులు ఇసుకలోంచి దేనితో లాగుతారో, ఏ వైపువి ముందు లాగుతారో చూసి నాకు రాయి. మేం వాయవ్యం వైపువి ఆఖరున తీసేవాళ్లం. ఇప్పుడూ అంతేనా?

ఆశీస్సులతో
మీ పెద్దమ్మ