ఎన్నారై సందేహాలు: నేషనల్ ల్యాబ్‌లో ఇంటర్న్‌షిప్ వస్తే చేతిలో ఎంత డబ్బుండాలి?

ప్రశ్న: అక్కా, మాది గుంటూరు. ఇక్కడ అమెరికాలో మెటీరియల్స్ సైన్స్‌లో ఎం.ఎస్. చేస్తున్నాను. ఎఫ్-1 (విద్యార్థి) వీసా, మొదటి సంవత్సరం. వచ్చే వేసవిలో ఏదైనా నేషనల్ ల్యాబ్‌లో ఇంటర్న్‌షిప్ చెయ్యాలని ఉంది. ఎలా ప్రయత్నించాలి? మా పెద్దమ్మగారి అబ్బాయి హైదరాబాద్‌లో పీహెచ్‌డీ పూర్తి చేస్తున్నాడు. అన్నయ్యకి ఇక్కడి ల్యాబుల్లో పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాత చేసే పరిశోధన ఉద్యోగం) దొరుకుతుందా?

జవాబు: తమ్ముడూ, ల్యాబ్ మీద నీకున్న ఆశ చూస్తే ముచ్చటేసింది. కానీ నీ ఉత్తరంలో డబ్బు గురించి ఒక్క ముక్క లేదు. ఎంతిస్తారు, ఎప్పుడిస్తారు, అది చేతికొచ్చేదాకా ఎలా గడుస్తుంది, ఇవేవీ అడగలేదు. నీ వయసులో నేనూ అడగలేదు. దానికి నేను కట్టిన మూల్యం తెలిస్తే నువ్వు అడుగుతావని కాస్త పెద్దగానే రాస్తున్నాను.

ముందు అర్హత సంగతి తేల్చుకుందాం. అమెరికా ఇంధన శాఖ కింద 17 నేషనల్ ల్యాబులున్నాయి. షికాగో చుట్టుపక్కల ఆర్గాన్, ఫెర్మీల్యాబ్, టెనెసీలో ఓక్ రిడ్జ్, న్యూయార్క్ లాంగ్ ఐలాండ్‌లో బ్రూక్‌హేవన్, కాలిఫోర్నియాలో బర్క్‌లీ, లివర్‌మోర్, ఇలా. వేసవి ఇంటర్న్‌షిప్ అనగానే అందరి నోటా వచ్చే పేరు ఎస్‌యూఎల్ఐ. పది వారాలు, వారానికి 650 డాలర్లు. అయితే అది డిగ్రీ చదివేవాళ్ళకి, అందులోనూ అమెరికా పౌరులకీ గ్రీన్ కార్డున్నవాళ్ళకీ మాత్రమే. పీహెచ్‌డీ పిల్లలకోసం పెట్టిన ఎస్‌సీజీఎస్ఆర్‌కీ ఇదే షరతు. నేషనల్ సైన్స్ ఫౌండేషన్ (ఎన్ఎస్ఎఫ్) డబ్బుతో డిగ్రీ పిల్లలకి నడిచే ఆర్ఈయూ కూడా అంతే. నాసా ఇంటర్న్‌షిప్‌లకి పౌరసత్వమే కావాలి. మిగతా నిబంధనలు ఆయా ల్యాబుల సైట్లలో ఉంటాయి, మీ ఇంటర్నేషనల్ ఆఫీసులో అడిగినా చెబుతారు. వాటి జోలికి నేను పోను.

ఆ పౌరసత్వం షరతు చదవకుండానే నేనో శీతాకాలమంతా పోగొట్టుకున్నాను. సెలవుల్లో రూమ్మేట్లందరూ తిరగడానికి వెళ్తే నేను గదిలో కూర్చుని వ్యాసాలు దిద్దుకున్నాను. మా ప్రొఫెసర్ల దగ్గరికి వెళ్ళి సిఫారసు లేఖలు రాయించుకున్నాను. తీరా ఫారం చివరికొచ్చాక పౌరసత్వం అడిగే గడి దగ్గర ఆగిపోయింది. పోయిన సమయం కంటే లేఖ రాసిచ్చిన ప్రొఫెసర్‌కి మళ్ళీ ముఖం చూపించడమే కష్టమైంది. ఆయన కోప్పడలేదు. "ఈ దారిలో నీకు రాదని ముందే అడిగి ఉంటే చెప్పేవాణ్ణిగా" అన్నారు. అసలు దారి కూడా ఆయనే చెప్పారు.

ఎఫ్-1 మీదున్న మనలాంటివాళ్ళకి ల్యాబ్ తలుపు ఎక్కువగా ప్రొఫెసర్ చేతిలోనే ఉంటుంది. ఈ ల్యాబుల్లో సింక్రోట్రాన్లు (బలమైన ఎక్స్-రేలు ఇచ్చే పెద్ద యంత్రాలు), న్యూట్రాన్ సోర్సులు, సూపర్ కంప్యూటర్లు ఉంటాయి. ఆర్గాన్‌లో అడ్వాన్స్‌డ్ ఫోటాన్ సోర్స్, ఓక్ రిడ్జ్‌లో స్పాలేషన్ న్యూట్రాన్ సోర్స్ అలాంటివే. ఫలితాలు ప్రచురించే పరిశోధనకి వాటిమీద సమయం ఉచితంగా ఇస్తారు. ప్రపోజల్ రాయాలి, నిపుణులు చదివి మార్కులు వేస్తారు. మీ ప్రొఫెసర్ గ్రూపుకి అలా బీమ్‌టైమ్, అంటే ఆ యంత్రం మీద సమయం, వస్తే నువ్వు యూజర్‌గా వెళ్ళొచ్చు. రాత్రింబగళ్ళు బీమ్‌లైన్ (ప్రయోగం చేసే చోటు) దగ్గర పనిచేసే కుర్రాణ్ణి అక్కడి సైంటిస్టు గుర్తుపెట్టుకుంటాడు. తర్వాత ఎప్పుడో "వేసవికి వస్తావా" అని అడిగేది ఆయనే. ఆర్గాన్‌లాంటి చోట్ల ఇలాంటి పిల్లల్ని రీసెర్చ్ ఎయిడ్ అనే పోస్టులో తీసుకుంటారు. సీపీటీ మీద, అంటే చదువులో భాగంగా పనిచెయ్యడానికి యూనివర్సిటీ ఇచ్చే అనుమతి మీద, చెయ్యొచ్చు. నాకు వచ్చిందీ ఇలాగే. అమెరికా మధ్య భాగంలో ఒక పెద్ద ల్యాబ్, ఊరికి దూరంగా, చుట్టూ అడవి. పేరు చెప్పను, చెప్పబోయేది దానిమీద ఫిర్యాదులా వినిపించకూడదు.

ఇక అసలు సంగతి. ఆఫర్ రాగానే ఇంటికి ఫోన్ చేసి గవర్నమెంటు ల్యాబ్ అని చెప్పాను. మా నాన్న కందుకూరు దగ్గర పొగాకు రైతు. నా చదువుకి పొలం తాకట్టు పెట్టి అప్పు తెచ్చారు. ఆయన ఊరంతా చెప్పుకున్నారు. వాయిదాకి కొంతైనా పంపిస్తానని మాటిచ్చాను. ఆ మాటిచ్చే ముందు కాగితం మీద లెక్క వేసుకోలేదు.

మొదటి దెబ్బ రెండు అద్దెలు. యూనివర్సిటీ ఊళ్ళో నా గది లీజు ఆగస్టుదాకా ఉంది. నేను మే నెలలో పెట్టె సర్దుకుని వెళ్ళిపోయాను. గదిని సబ్‌లీజ్‌కి ఇవ్వాలంటే మార్చిలోనే మనిషిని వెతకాలి. మేలో అందరూ ఖాళీ చేసేవాళ్ళే, చేరేవాళ్ళెవరు? అక్కడేమో వేసవికి మాత్రమే ఇల్లిచ్చేవాళ్ళు తక్కువ. దొరికిన గదికి అడ్వాన్సు, మొదటి నెల అద్దె చేతిలో పెడితేగానీ తాళం ఇవ్వలేదు. ఆ వేసవంతా ఎవరూ ఉండని గదికి ఒక అద్దె, నేనున్న గదికి ఒక అద్దె కట్టాను.

రెండోది బ్యాడ్జి. ఈ ల్యాబుల్లో విదేశీయులు గేటు దాటాలంటే ముందస్తు అనుమతి కావాలి. పాస్‌పోర్టు, వీసా, చేసే పని, అన్నీ రాసి మన హోస్ట్ (ల్యాబ్‌లో మనల్ని తీసుకునే సైంటిస్టు) ఒక ఫారం పంపాలి. అది తేలడానికి వారాలు పడుతుంది, మనవాళ్ళకి ఇంకాస్త ఎక్కువ పట్టినా ఆశ్చర్యపోకు. సోమవారం పొద్దున్నే కొత్త చొక్కా ఇస్త్రీ చేసుకుని బ్యాడ్జి ఆఫీసు కిటికీ ముందు నిలబడ్డాను. లోపలామె నా పాస్‌పోర్టు అటూ ఇటూ తిప్పింది, కంప్యూటర్‌లో వెతికింది, పేరు స్పెల్లింగ్ అడిగి మళ్ళీ వెతికింది. నా పేరు లేదు. ఫారం హోస్ట్ దగ్గరే ఉండిపోయింది. నా వెనక వరసలో నిలబడ్డ పిల్లలు ఒక్కొక్కరే మెడలో నీలం పట్టీ వేసుకుని లోపలికి వెళ్తుంటే నేను పక్కన కుర్చీలో కూర్చున్నాను. మధ్యాహ్నం తిరిగి గదికొచ్చేశాను. పని మొదలయ్యే తేదీ వెనక్కి జరిగింది. జీతం దానితోపాటే జరిగింది. అద్దెలు మాత్రం జరగలేదు.

మూడోది సోషల్ సెక్యూరిటీ నంబర్. సీపీటీ రాసిన ఐ-20 (యూనివర్సిటీ ఇచ్చే విద్యార్థి పత్రం) చేతికొచ్చాక, పనిలో చేరే తేదీకి 30 రోజుల ముందు నుంచి అప్లై చెయ్యొచ్చు. నేను చేరాక చూసుకుందాంలే అనుకున్నాను. మొదటి చెక్కు దానివల్ల కూడా ఆలస్యమైంది. ఆ నెలలో పప్పన్నం, ఊరగాయతో గడిపాను. అది బాధ కాదు. నాన్నకి ఫోన్ చేసి ఈసారికి పంపలేనని చెప్పిన రోజు ఇప్పటికీ బాధే. ఆయన "నువ్వు తిను ముందు" అన్నారు, బయట వడ్డీకి తెచ్చి వాయిదా కట్టారు.

అందుకే చెబుతున్నాను. మూడు నెలల ఖర్చు చేతిలో లేకుండా ఇంకో ఊళ్ళో ఇంటర్న్‌షిప్‌కి కదలకు. మీ అద్దె, అక్కడి అద్దె, అడ్వాన్సు, కారు, ఇన్సూరెన్సు, తిండి, ఇండియాలో అప్పు వాయిదా, అన్నీ కలిపి. జనవరిలోనే మీ గదికి మనిషిని వెతుకు. బ్రూక్‌హేవన్, ఫెర్మీల్యాబ్ లాంటి చోట్ల ప్రాంగణంలోనే ఉండడానికి గదులుంటాయి. ఆఫర్ వచ్చిన రోజే వాటి గురించి అడుగు, తర్వాత దొరకవు. ఆర్గాన్ వస్తే నేపర్‌విల్, అరోరా వైపు మన తెలుగువాళ్ళ ఇళ్ళలో బేస్‌మెంట్ గదులు అద్దెకుంటాయి. లెమాంట్ రాముడి గుడి ఆ ల్యాబ్‌కి దగ్గరే, అక్కడ నలుగుర్ని అడిగితే ఆచూకీ దొరుకుతుంది. మనవాళ్ళే కదా అని మాటమీద చేరకు. అద్దెంత, కరెంటు అందులో కలిపారా, అడ్వాన్సు ఎప్పుడు తిరిగిస్తారు, ఇవి మెసేజ్‌లోనైనా రాయించుకో.

కారు లేకుండా కుదరదా అని నువ్వు అడుగుతావు. చాలా ల్యాబులు బస్సు వెళ్ళని చోట్ల ఉన్నాయి. ఐడహో ల్యాబ్ వాళ్ళు ఐడహో ఫాల్స్ నుంచి ఎడారిలో ఉన్న సైటుకి సొంత బస్సులు నడుపుతారు, అలాంటి వసతి ప్రతిచోటా ఉంటుందనుకోకు. కొత్త లైసెన్సు మీద ఇన్సూరెన్సు ఎంత పడుతుందో కారు కొనకముందే అడిగి తెలుసుకో. నేను పాత కారు చవగ్గా దొరికిందని కొన్నాను, ఇన్సూరెన్సు రేటు విన్నాక కూర్చుండిపోయాను. అదే గ్రూపులో ఇంకొకరితో పెట్రోలు పంచుకుంటూ వెళ్ళగలిగితే అంతకంటే మేలు లేదు.

ఇక ఆఫర్ లెటర్‌లో ఒక పదం చూడాలి. జీతమా, స్టైపెండా? మా ఇంటికి భోజనానికొచ్చే పిల్లల్లో పదిమందిలో తొమ్మిదిమంది ఇది చూడరు. జీతమైతే పే-స్టబ్ (జీతం చీటీ) వస్తుంది, ఏడాది జీతం, పన్ను రాసిన డబ్ల్యూ-2 ఫారం వస్తుంది. ఎఫ్-1 మీద వచ్చిన మొదటి అయిదు క్యాలెండర్ సంవత్సరాల్లో మామూలుగా నీ జీతంలోంచి సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్ను కోయకూడదు. అవి రెండూ కలిపి 7.65 శాతం. పోయినేడు మా దగ్గరికొచ్చిన ఒక అమ్మాయి పే-స్టబ్ నేనే డైనింగ్ టేబుల్ మీద పెట్టి చూశాను, కోసేస్తున్నారు. పేరోల్ వాళ్ళకి రాయించాను, తిరిగిచ్చారు. స్టైపెండైతే లెక్క వేరు. ల్యాబుల్లో శిక్షణ కార్యక్రమాలు నడిపే ఓరైజ్ లాంటి సంస్థల ద్వారా వచ్చేవాళ్ళని ఉద్యోగులుగా కాదు, పార్టిసిపెంట్లుగా చూస్తారు. ఎఫ్, జె (ఎక్స్ఛేంజ్ కార్యక్రమాల) వీసాల మీద ఉన్నవాళ్ళ స్టైపెండులోంచి సాధారణంగా 14 శాతం పన్ను పట్టుకుంటారు, ఏడాది తిరిగాక ఆ లెక్క రాసిన 1042-ఎస్ ఫారం ఇస్తారు. మన దేశానికి అమెరికాతో ఉన్న పన్ను ఒప్పందంలో ఆర్టికల్ 21 వల్ల భారతీయ విద్యార్థులకి స్టాండర్డ్ డిడక్షన్ (పన్ను పడే ఆదాయంలోంచి తగ్గించుకునే నిర్ణీత మొత్తం) దొరుకుతుంది, మిగతా చాలా దేశాల పిల్లలకి ఆ సౌకర్యం లేదు. కాబట్టి 1040-ఎన్ఆర్ (పన్ను లెక్కలో నాన్‌రెసిడెంట్లు వేసే రిటర్ను) వేసేటప్పుడు అది తీసుకో. స్నేహితుడు చేసినట్టే మామూలు 1040 వేసెయ్యకు. మీ తరం పిల్లలు వీడియో చూసి పది నిమిషాల్లో పన్ను కట్టేస్తారు, తర్వాత గ్రీన్ కార్డు టైములో లాయరు దగ్గర కూర్చుంటారు. స్టైపెండులో హెల్త్ ఇన్సూరెన్సు కలిసి ఉందో లేదో కూడా అడుగు. వేసవిలో యూనివర్సిటీ ఇన్సూరెన్సు ఆగిపోతే ఒక్క పంటి నొప్పి చాలు, నెల జీతం తినేస్తుంది.

ఆఫర్ రాగానే హోస్ట్‌కి మెయిల్ పెట్టి, విదేశీయుల అనుమతి ఫారం ఏ తేదీన పంపారో అడుగు. మొహమాటపడకు. రెండు వారాలకోసారి అడుగు. గేటు దగ్గర బ్యాడ్జి సిద్ధంగా ఉందని రాతపూర్వకంగా తెలిశాకే ఇల్లు మారు.

ఒంటరిగా అనిపిస్తుందేమో అని చాలామంది అడుగుతారు. అనిపిస్తుంది. బ్యాంకులో డబ్బుంటే శనివారం గుడికో, స్నేహితుల దగ్గరికో వెళ్ళొస్తావు, తేలిగ్గానే గడుస్తుంది. లేకపోతేనే గదిలో కూర్చుని దిగులుపడతావు.

ఇన్ని చెప్పినా వెళ్ళొద్దని అనడం లేదు. వెళ్ళు. ఆ వేసవిలో నేను నేర్చుకున్నది రెండేళ్ళ క్లాసుల్లో రాలేదు. వాక్యూమ్ ఛాంబర్ విప్పి బిగించడం, రాత్రి మూడింటికి బీమ్ పోతే ఎవరికి ఫోన్ చెయ్యాలో తెలియడం, తప్పు డేటాని తప్పని గుర్తుపట్టడం అక్కడే వచ్చాయి. నా హోస్ట్ రాసిన లేఖతోనే తర్వాత ఉద్యోగమొచ్చింది. పొలం విడిపించాను, మా తమ్ముణ్ణి చదివించాను.

మీ అన్నయ్య సంగతి నీ కంటే తేలిక. పోస్ట్‌డాక్ స్థాయిలో చాలా ల్యాబులు విదేశీయుల్ని తీసుకుంటాయి, ఆయుధాల పని జరిగే విభాగాలు తప్ప. ఆర్గాన్‌లో మరియా గెప్పర్ట్ మేయర్ ఫెలోషిప్ లాంటివి పేరున్నవి, పోటీ గట్టిగా ఉంటుంది. జీవశాస్త్రమైతే బెథెస్డాలోని ఎన్ఐహెచ్ (ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ)లో విజిటింగ్ ఫెలో పోస్టులు బయటిదేశాల పీహెచ్‌డీలకోసమే ఉన్నాయి. ఎక్కువగా జె-1 మీద వస్తారు. ఒకప్పుడు జె-1 అంటే రెండేళ్ళు తిరిగి ఇండియాలో ఉండాలన్న షరతుకి మనవాళ్ళు భయపడేవాళ్ళు. ఆ షరతు ఏ దేశాలవాళ్ళకి వర్తిస్తుందో చెప్పే స్కిల్స్ లిస్టులో 2024 డిసెంబరు 9 నుంచి ఇండియా లేదు. ప్రభుత్వ డబ్బుతో వచ్చే ఫెలోషిప్ అయితే మాత్రం ఆ షరతు ఇంకా తగలొచ్చు, జె-1 వాళ్ళకిచ్చే డీఎస్-2019 కాగితం మీద, వీసా మీద రాసి ఉంటుంది, చూసుకోమను. హెచ్-1బి ఉద్యోగ వీసా మీద బయటి నుంచి కొత్తగా తెచ్చుకోవడానికి 2025 సెప్టెంబరులో లక్ష డాలర్ల ఫీజు పెట్టారు కాబట్టి, ల్యాబులు జె-1 వైపే మొగ్గుతాయని నా అంచనా.

పెళ్ళయిందా అతనికి? అయితే ఆ అమ్మాయికి జె-2 (జె-1 వాళ్ళ కుటుంబానికిచ్చే వీసా) మీద పనిచేసే అనుమతి అడగొచ్చు, కాకపోతే కార్డు చేతికి రావడానికి నెలలు పడుతుంది. అప్పటిదాకా ఒక్క జీతం మీదే ఇద్దరూ బతకాలి, ఇంటి అడ్వాన్సూ, మంచం, కుర్చీ, కారూ అందులోనే కొనాలి. వచ్చేటప్పుడు ఎంత తెచ్చుకుంటున్నారో ఇప్పుడే లెక్క వేసుకోమను. ఆఫర్ లెటర్ రాగానే జీతం, ఇన్సూరెన్సు, రీలొకేషన్ ఖర్చులు రాసిన పేజీలు నాకు పంపించమను. మా ఆయనా నేనూ ఆదివారం కూర్చుని చదివి, ఏం అడగాలో రాసి పంపుతాం.