రౌటర్ కొనే ముందు గోడ చూడండి

కొత్తగా వచ్చి ఇల్లు తీసుకున్నవాళ్లు ముందుగా అడిగేది, "అన్నా, ఏ రౌటర్ కొనమంటావ్?" అనే. నేను తిరిగి అడిగేది ఒక్కటే: మీ గోడలోంచి వస్తున్న వైరు ఏది?

ఆ వైరులోంచి ఇంటర్నెట్ అందుకునేది మోడెం, దాన్ని వైఫైగా ఇల్లంతా పంచేది రౌటర్. మధ్యలో రాగి తీగ ఉండి, స్క్రూలా తిప్పి బిగించే గుండ్రటి వైరైతే కేబుల్ మోడెం కావాలి. టెలిఫోన్ వైరైతే డీఎస్ఎల్ మోడెం. ఫైబరైతే మామూలుగా ఇంటర్నెట్ కంపెనీవాళ్లే ఓఎన్‌టీ అనే పెట్టె బిగిస్తారు, మోడెం పని అదే చేస్తుంది, రౌటర్ ఒక్కటి కొనుక్కుంటే చాలు. నా స్నేహితుడొకడు ఇది తెలియక ఫైబర్ ఇంటికి కేబుల్ మోడెం మోసుకొచ్చాడు!

కేబుల్ మోడెం దగ్గర మన ఇష్టం సాగదు. కంపెనీ ఒప్పుకునే మోడళ్ల జాబితాలో ఉన్నదే కొనాలి. అందులోనూ డాక్సిస్ (కేబుల్ ఇంటర్నెట్ ప్రమాణం) 3.1 ది చూసుకోండి, 3.0 ప్రమాణం 2006 నాటిది, చవగ్గా వస్తోందని దానికి పోవద్దు. ల్యాండ్‌ఫోన్ కూడా అదే కంపెనీదైతే మోడెంకి ఫోన్ పోర్టు ఉండాలి. సెకండ్‌హ్యాండ్‌ది కొంటే ఇంకో టెన్షన్. నేను కొన్న మోడెంని పాత యజమాని కంపెనీలో తన ఖాతాలోంచి తీయించలేదు. అతను తీయించేదాకా నాకు కనెక్షన్ రాలేదు.

రౌటర్ మాత్రం మీ ఇష్టం. మోడెం, రౌటర్ రెండూ కలిసిన పెట్టె చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది గానీ, నేను విడివిడిగానే కొంటాను. వైఫై పాతబడితే రౌటర్ ఒక్కటే మార్చుకోవచ్చు. మామూలు ఇంటికి వైఫై 6 తరం రౌటర్ సరిపోతుంది. అంతకన్నా ముఖ్యం దాన్ని పెట్టే చోటు. టీవీ వెనకో, అల్మారాలోనో దాచకుండా ఇంటి మధ్యలో, కాస్త ఎత్తులో పెట్టండి. 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ వేగంగా ఉంటుంది గానీ గోడలు దాటేసరికి నీరసపడుతుంది. 2.4 గిగాహెర్ట్జ్‌ది దూరం పోతుంది, అయితే మైక్రోవేవ్ ఆన్ చేస్తే తడబడుతుంది. ఇల్లు పెద్దదైతే మెష్ పెట్టుకోండి, అంటే ఒకే వైఫైని ఇల్లంతా పంచే రెండు మూడు పెట్టెలు. వీలుంటే ఆ పెట్టెల మధ్య ఈథర్నెట్ వైరు లాగండి, వైఫై మీదే నడిపితే వేగం తగ్గుతుంది. ఆఫీసు పని చేసే కంప్యూటర్‌కి నేనైతే వైరే పెడతాను.

స్పీడు టెస్టులో 200 ఎంబీపీఎస్ వస్తోంది, డౌన్‌లోడ్ మాత్రం సెకనుకి 25 ఎంబీయే చూపిస్తోందని కంగారు పడకండి. మొదటిది బిట్లలో, రెండోది బైట్లలో. ఎనిమిది బిట్లు ఒక బైటు.

రౌటర్ పెట్టగానే దాని సెట్టింగులు తెరిచే అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చండి, వైఫై భద్రతకి డబ్ల్యూపీఏ3 అనే పద్ధతి ఉంటే అదే ఎంచుకోండి.

అంతకుముందు కంపెనీ మోడెం అద్దెకి వాడుతుంటే, సొంతది పెట్టాక దాన్ని తిరిగి ఇవ్వడం మర్చిపోకండి, ఇచ్చేదాకా అద్దె పడుతూనే ఉంటుంది. నేను ఇచ్చేసి రసీదు పారేశాను. ఇవ్వలేదంటూ పూర్తి ధర బిల్లులో వేశారు, చూపించడానికి నా దగ్గర కాగితం లేదు. మీరు రసీదు ఫొటో తీసి పెట్టుకోండి.