నాచు పగడాన్ని బతికిస్తుందా, చంపుతుందా? తెప్ప వేసేముందు చూసుకోవాల్సినవి

ప్రశ్న: మాది భీమిలి దగ్గర మత్స్యకార గ్రామం. సముద్రపు నాచు సాగు చూద్దామని మా సంఘం నుంచి కొందరం తమిళనాడులోని మండపం వెళ్లొచ్చాం. అక్కడ కప్పాఫైకస్ అనే నాచును పెంచే తెప్పలు చూశాం. ఆ నాచు పగడపు దిబ్బలను చంపేస్తోందని ఒకాయన అన్నారు. నాచు లేకపోతే పగడమే బతకదని ఇంకొకాయన వాదించారు. ఏది నిజం? మా దగ్గర తెప్పలు వేస్తే ఇబ్బందా?

జవాబు: ఇద్దరూ నిజమే చెప్పారు. కాకపోతే ఇద్దరూ ‘నాచు’ అన్నది ఒకదాన్ని కాదు.

రెండో ఆయన చెప్పింది పగడం అనే సముద్ర జీవి ఒంట్లో కాపురముండే నాచు గురించి. పేరు జూజాంథెల్లే. కంటికి కనిపించదు. చదరపు సెంటీమీటరు పగడంలో ఇవి పది లక్షలకు పైగా ఉంటాయి. ఎండ తగిలినప్పుడు తయారుచేసుకున్న ఆహారంలో చాలా భాగం పగడానికే ఇచ్చేస్తాయి. పగడానికి కావాల్సిన శక్తిలో 90 శాతం దాకా ఇలాగే వస్తుంది. వేసవిలో మామూలుగా ఉండే గరిష్ఠ వేడి కంటే నీరు ఒక్క డిగ్రీ ఎక్కువై కొన్ని వారాలు అలాగే ఉంటే, పగడం ఈ నాచును బయటికి నెట్టేసి తెల్లగా పాలిపోతుంది. మండపం పక్కనున్న మన్నార్ సింధుశాఖలో 2010లో, 2016లో జరిగింది అదే. తెల్లబడగానే చచ్చిందని కాదు. నీరు త్వరగా చల్లబడితే కోలుకుంటుంది, లేకపోతే పస్తులుండి చస్తుంది.

చచ్చిన పగడపు రాయి ఖాళీగా ఉండదు. దాని మీదికి ముందు ఏ నాచు ఎక్కిందన్న దాన్నిబట్టే ఆ దిబ్బ తిరిగి లేస్తుందో లేదో తేలుతుంది. రాయి మీద గులాబీ సున్నం పూసినట్టు గట్టిగా అంటుకుని, గోరుతో గీకినా రాని పొర కనిపిస్తే సంతోషించండి. అది కోరలైన్ నాచు. విరిగిన పగడపు ముక్కల్ని సిమెంటులా అతికిస్తుంది. నీళ్లలో తేలుతూ వచ్చే పగడపు పిల్లలు దాని వాసన పట్టుకునే దిగి అంటుకుంటాయి. దానికి బదులు పాచి చాపలా, వెంట్రుకల్లా పొట్టి నాచు పరుచుకుంటే అందులో మట్టి పేరుకుపోయి పగడపు పిల్లకు కాలు పెట్టే చోటు దొరకదు. సర్గాసం, టర్బినేరియా లాంటి పెద్ద గోధుమ నాచులు అక్కడ మొదటినుంచీ ఉన్నవే. కాలాన్నిబట్టి పెరిగి రాలిపోతాయి, చేపపిల్లలకు నీడనిస్తాయి. హాలిమెడా అనే పచ్చ నాచు ఒంట్లోనే సున్నం ఉంటుంది, అది చచ్చి పొడై దీవుల చుట్టూ ఇసుకవుతుంది. నాచు కనిపిస్తే చాలు దిబ్బ పాడైందనుకోవడం పొరపాటు.

పాడయ్యేది నాచును తినేవాళ్లు పోయినప్పుడు. చిలకచేపలు, సర్జన్ చేపలు, ముళ్ల బంతుల్లాంటి సీ అర్చిన్‌లు దిబ్బ మీద మేకల మందలా మేస్తూ ఉంటాయి. జమైకాలో చేపల్ని ఎప్పటినుంచో విపరీతంగా పట్టేయడంతో మేత పని చాలావరకు ఒక్క జాతి అర్చిన్ మీద పడింది. 1983-84లో రోగం వచ్చి ఆ అర్చిన్‌లూ పోయాయి. అప్పటికే తుపానుకు దెబ్బతిన్న దిబ్బలను కొన్నేళ్లలోనే నాచు కప్పేసింది. పగడం సగం విస్తీర్ణం నుంచి 5 శాతం లోపుకి పడిపోయింది. మురుగునీరు, చెరువుల నీరు తెచ్చే నత్రజని, భాస్వరం తోడైతే మేసేవి ఉన్నా పెరుగుదలను అందుకోలేవు.

ఇక మొదటి ఆయన మాట. కప్పాఫైకస్ మన సముద్రపు నాచు కాదు. దీని సొంతూరు ఫిలిప్పీన్స్ వైపు, క్యారజీనన్ అనే జిగురు పదార్థం కోసం తెచ్చుకున్నాం. 2008లో మన్నార్ సింధుశాఖలోని కురుసడై దీవి దగ్గర బతికున్న పగడాల మీదికి ఇది ఎక్కినట్టు బయటపడింది. కొమ్ములు కొమ్ములుగా ఉండే అక్రోపోరా పగడానికి ప్రమాదం ఎక్కువ. తెప్ప నుంచి తెగిన తునక అడుగున దొర్లుకుంటూ వచ్చి ఆ కొమ్ముల సందులో ఇరుక్కుంటుంది. విత్తనం అక్కర్లేదు, తునక చాలు. నెలల్లో గుబురుగా పెరిగి కింది పగడానికి వెలుతురు అందనివ్వదు. లోపలి నాచుకు ఎండ లేకపోతే పగడానికి కూడు లేనట్టే. అలలకు ఊగుతూ పగడం పైచర్మాన్ని రాసేస్తుంది కూడా. హవాయిలోని కనేఓహె బేలోనూ 1970లలో ప్రయోగాలకు తెచ్చిన కప్పాఫైకస్ ఇలాగే వ్యాపించింది. పడవ మీద పంపులు పెట్టి పీల్చి, తర్వాత అర్చిన్ పిల్లల్ని వదిలి అదుపు చేయాల్సి వచ్చింది. చేత్తో ఏరినా వేళ్లకు దొరక్కుండా సందులో మిగిలిన ముక్క మళ్లీ చిగురిస్తుంది. ఒకసారి ఏరి వదిలేస్తే ఏరనట్టే లెక్క.

మీ సంగతికి వద్దాం. మన ఆంధ్ర తీరంలో మన్నార్‌లాంటి పగడపు దిబ్బలు లేవు. నదులు తెచ్చే ఒండ్రు, తగ్గిపోయే ఉప్పదనం వాటిని పెరగనివ్వవు. కానీ విశాఖ వైపు రాతి అడుగుల మీద విడివిడిగా పగడాలున్నాయి. కాబట్టి తెప్పలు వేసే ముందు పాటు సమయంలో (సముద్రం వెనక్కి తగ్గినప్పుడు), నీరు తేటగా ఉన్న రోజున మాస్కు పెట్టుకుని అడుగు చూడండి. రాయి, పగడం కనిపిస్తే అక్కడా, దాని పక్కనా కప్పాఫైకస్ వద్దు. మన సొంత జాతి గ్రాసిలేరియా వేసుకోండి. ధర తక్కువే, అయినా తెగిపోయినా పరాయి కలుపు అవదు. ఇసుక అడుగు, పూర్తి పాటులో కూడా తెప్ప కింద మీటరు నీరు, పెద్ద అల నేరుగా తగలని మరుగు ఉంటేనే కప్పాఫైకస్ ఆలోచించండి.

మండపంలో మీరు చూసిన వెదురు తెప్ప సుమారు 12 అడుగుల చదరం. 20 తాళ్లు, తాడుకు 20 చోట్ల 150 గ్రాముల చొప్పున నారు (నాటే నాచు ముక్కలు), అంటే తెప్పకు 60 కిలోలు. బాగా కుదిరితే 45 రోజులకు 240-260 కిలోల పచ్చి నాచు, ఎండితే అందులో పదో వంతు. ఆ లెక్క మన దగ్గర ఏడాది పొడవునా రాదని ముందే చెబుతున్నాను. దీనికి నీటి ఉప్పదనం 30 పీపీటీ (వెయ్యి పాళ్లకు 30 పాళ్ల ఉప్పు) కంటే తగ్గకూడదు. వానాకాలం చివర, అక్టోబరు-నవంబరుల్లో ఉత్తరాది నదుల నీరు తీరం వెంబడి దిగి వచ్చి మన దగ్గర అంతకంటే బాగా పడిపోతుంది. పైగా తుపాన్ల కాలం. జనవరి నుంచి ఏప్రిల్ దాకా పెట్టుకోండి. రొయ్యల చెరువుల దగ్గర ఉప్పదనం కొలవడానికి వాడే సాలినోమీటరుతో వారానికి రెండుసార్లు చూడండి.

తునకలు తెగకుండా చూడటమే పగడానికీ, మీ జేబుకూ రక్ష. నారును గట్టిగా బిగిస్తే తాడు కోసి తెగుతుంది, మెత్తని అల్లిక దారంతో వేలు దూరేంత వదులుగా ముడి వేయండి. తెప్ప అడుగున తప్పకుండా వల కట్టండి. చేపల మేతను ఆపుతుంది, తెగినవాటినీ పడుతుంది. నాచు కొమ్మ మీద తెల్ల మచ్చ కనిపిస్తే అది ఐస్-ఐస్ అనే జబ్బు. వేడి, ఉప్పదనం తేడాల వల్ల వస్తుంది. తెలుపు ఉన్నచోటే పుటుక్కున విరుగుతుంది కాబట్టి ఆ ముక్కల్ని కోసి సంచిలో వేసి ఒడ్డుకు తేవాలి, నీళ్లలో విదిలించకూడదు. తుపాను హెచ్చరిక వస్తే 45 రోజులు నిండకపోయినా కోసేయండి.

లంగరు బరువుకు పగడపు రాళ్లు వాడొద్దు. రాతి పగడాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. ఇసుక నింపిన సిమెంటు సంచులు చాలు. వారానికోసారి తెప్ప చుట్టూ అడుగున ఈది చూసి, రాలినవి ఏరుకుని ఎండబెట్టుకోండి, అవీ అమ్ముడుపోయేవే.